పసుపు తాడు, ఎర్ర నక్షత్రం

"మీకో శుభవార్త," అంది ఫోన్‌లో గొంతు. "ఎయిర్‌పోర్టు కంప్యూటర్లోంచి మీ పేరు తీసేశారు."

చైతన్యకృష్ణ చేతిలోని పెసరట్టు ముక్క అల్లం పచ్చడిలో సగం మునిగి ఆగిపోయింది.

"నిజంగానా?"

"ముందు కోడ్."

అతను చుట్టూ చూశాడు. పొదిలిలో అత్తగారిల్లు. మనుగుడుపుల సందడి. హాలు నిండా చుట్టాలు, చాపల మీద పిల్లలు. గొంతు తగ్గించి, "తేజ రకం. తొడిమ తీసింది," అన్నాడు.

"ధర?"

"ఎండని బట్టి."

"కరెక్ట్. చీఫ్ లైన్లోకి వస్తున్నారు."

ఆ గొంతు పేరు రాగసుధ. ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ డెస్క్ ఆఫీసర్. ఫీల్డ్ ఏజెంట్లు డెస్క్ వాళ్ల ముఖం చూడకూడదన్నది రూలు కాబట్టి, రెండేళ్లుగా అతనికి ఆమె గొంతొక్కటే తెలుసు. ఫోన్ పెట్టేశాక కూడా చెవిలో కాసేపు ఉండిపోయే గొంతు.

ప్రపంచానికి అతను గుంటూరు మిర్చి ఎక్స్‌పోర్టర్. ఇంతవరకూ ఎక్కిన ప్రతి విమానానికీ ముందు కంప్యూటర్ అతని పేరే పట్టుకుంది. బోర్డింగ్ పాస్ మీద ఎర్ర నక్షత్రం పడేది. అది పడ్డవాణ్ణి పక్క గదిలోకి తీసుకెళ్లి బూట్ల అట్టల దాకా విప్పి చూస్తారు. ఆఖరి నిమిషంలో, నగదిచ్చి, ఒకవైపు టికెట్ కొనేవాణ్ణి యంత్రమైనా నమ్మదు. పైగా పెట్టె నిండా మిర్చి శాంపిల్స్. వాసన చూసిన పోలీసు కుక్క తుమ్మడం మొదలుపెడితే ఆపేది కాదు.

"చైతన్యా," చీఫ్ రాధాకృష్ణమూర్తి మాటలు ఎప్పుడూ టెలిగ్రామ్‌లా ఉంటాయి. "కొత్తపట్నం సముద్రంలో మనం దించిన సెన్సర్ల మ్యాప్ కాపీ అయింది. మైక్రోచిప్. విదేశీ ముఠా. కొరియర్ ఇవాళ పదకొండు గంటల చెన్నై ఫ్లైట్ ఎక్కుతున్నాడు. లేదా ఎక్కుతోంది. ముఖం తెలీదు. సాయంత్రం చెన్నైలో సింగపూర్ ఫ్లైట్ ఎక్కితే మన చేయి దాటిపోతుంది."

"అర్థమైంది సర్."

"ఇంకోటి. ఆ మ్యాప్ చివరిగా చూసింది నువ్వు. చిప్ దొరక్కపోతే రేపు అందరి వేళ్లూ నీ వైపే. నేను కూడా ఆపలేను."

పెసరట్టు చల్లారింది.

"కవర్ ఏమిటి సర్?"

"నీకు పెళ్లయి పది రోజులు కాలేదుగా. హనీమూన్. మీ ఆవిణ్ణి తీసుకెళ్లు."

అత్తగారు హనుమాయమ్మ ఇంకో అట్టు వేసింది. "ఎవరు అల్లుడుగారూ, పొద్దున్నే?"

"మిర్చి యార్డు నుంచండీ. ఇవాళే చెన్నై వెళ్లాలట. జ్యోతిని కూడా తీసుకెళ్తాను."

వంటింటి గుమ్మంలో జ్యోతిర్మయి నిలబడి ఉంది. ఎమ్మెస్సీ చదివింది. విమానం ఎప్పుడూ ఎక్కలేదు. కిటికీ సీటు దొరుకుతుందా అని మొగుణ్ణి కళ్లతోనే అడిగింది. అతను ముక్కు కొస తాకాడు. అంటే 'సరే'.

ఇంటి నిండా చుట్టాలుంటే కొత్త దంపతులు మాట్లాడుకోవడం ఎలా? పెళ్లయిన మూడో రోజుకే ఇద్దరూ ఒక భాష తయారుచేసుకున్నారు. చెవి తాకితే 'మేడ మీదకి రా'. గాజులు వెనక్కి తోస్తే 'ఎవరో వస్తున్నారు'. నుదురు తుడుచుకుంటే 'ఆవిణ్ణి మాటల్లో పెట్టు, నేను జారుకుంటా'. డిపార్ట్‌మెంట్ ట్రైనింగ్‌లో నేర్పిన ఏ సంకేత భాషా ఇంత బాగా పనిచేయలేదని చైతన్యకృష్ణ అభిప్రాయం.

బయల్దేరేటప్పుడు హనుమాయమ్మ కూతురి చేతిసంచిలో ఒక పొట్లం పెట్టింది. పసుపు, కుంకుమ, రవికల గుడ్డ. "దారిలో ఎవరైనా కొత్త పెళ్లికూతురు కనబడితే ఇవ్వవే, మంచిది. ఇంకో మాట, పదహారు రోజుల పండగ దాకా ఆ తాడు మార్చకూడదు. రెండు పుస్తెలూ విడివిడిగానే ఉండాలి. ఆ రోజు నేను కలిపి గుచ్చుతాను."

"విన్నానమ్మా. వారం నుంచి వింటూనే ఉన్నాను."

జ్యోతిర్మయి మెడలో పసుపు తాడు ఇంకా కొత్తగా, బిరుసుగా ఉంది. జాకెట్ అంచుకి పసుపు అంటుకుంటోంది. కారెక్కాక అతని తెల్లచొక్కా భుజానికి కూడా అంటుకుంది. ఇద్దరిలో ఎవరూ దాన్ని దులపలేదు.

*

గ్రానైట్ కంపెనీల కోసం ఒంగోలు దారిలో వేసిన రన్‌వే అది. ఇప్పుడు ఒక చిన్న ఎయిర్‌లైన్స్ అక్కణ్నుంచి విమానాలు నడుపుతోంది. కంచె అవతల మిర్చి కల్లాలు. పరదాలు పరిచినట్టు ఎర్రగా, కంటిచూపు మేర.

కౌంటర్లో అమ్మాయి బోర్డింగ్ పాసులు ఇచ్చింది. జ్యోతిర్మయిది తెల్లగా ఉంది. చైతన్యకృష్ణ పాస్ మీద ఎర్ర నక్షత్రం.

"పేరు తీసేశారన్నారే," అన్నాడు.

"ఎవరు సార్?"

ఆ శుభవార్త రాకపోతే ముందే చీఫ్ చేత సెక్యూరిటీకి ఒక మాట చెప్పించి ఉండేవాడు. శుభవార్త విని ఊరుకున్నాడు.

"రండి చైతన్యకృష్ణ గారూ. మళ్లీ మీరేనా," అన్నాడు సెక్యూరిటీ ఇన్‌స్పెక్టర్ జయరావు. "తెగ తిరిగేవాళ్లకి ఎయిర్‌లైన్స్ వాళ్లు పాయింట్లిస్తారు. మేం ఈ గది ఇస్తాం."

అద్దాల గది. మూడు వైపులా అద్దం, ఒక వైపు గోడ. ఒక బల్ల, ఒక ఫోన్, ఒక ప్లాస్టిక్ ట్రే. సెల్‌ఫోన్, వాచీ, బెల్టు, పెన్ను అందులోకి వెళ్లిపోయాయి. అవతల లాంజ్‌లో జ్యోతిర్మయి కూర్చుని, ఎయిర్‌లైన్స్ వాళ్లిచ్చిన చాక్లెట్ విప్పి, సగం కొరికి, మిగతా సగం కాగితంలో చుట్టి దాచింది. అతని కోసం.

గది తలుపు ఇంకా తెరిచే ఉంది. బయట లేడీ కానిస్టేబుల్ చేతిలోని డిటెక్టర్ కుయ్‌మంది. పట్టుచీర, మోచేతుల దాకా గోరింట, తలనిండా పూలు. చూసినవాళ్లు తల తిప్పుకోలేనంత అందమైన పెళ్లికూతురు. డిటెక్టర్ ఆమె మెడ దగ్గర మోగుతోంది.

"పెళ్లయి వారమే అయిందండి," అంది ఆమె వినీవినపడనంత చిన్నగా. "ఆయన చెన్నైలో షిప్పు దిగుతున్నారు. మెడలోవి తీయకూడదంటారు కదా."

"అయ్యో, వారమేనా? తీయొద్దమ్మా, వెళ్లండి," అంది కానిస్టేబుల్ లాంజ్ అంతా వినపడేలా.

జయరావు తలుపు మూసి తాళం తిప్పాడు. శబ్దాలన్నీ ఆగిపోయాయి. ప్రపంచమంతా అద్దం వెనక మూగగా కదులుతోంది.

"తొందరగా కానివ్వండి. ఫ్లైట్ పోతుంది."

"కంప్యూటర్ మిమ్మల్ని పట్టుకుంది. ఈసారి వివరంగా చూడమని కూడా మెసేజ్ వచ్చింది." జయరావు పెన్ను తిప్పి చూశాడు. "మూడు మీటలేంటి దీనికి?"

"మూడోది నొక్కకండి."

"నొక్కితే?"

"మిర్చి శాంపిల్."

జయరావు దాన్ని జాగ్రత్తగా జేబులో పెట్టుకుని బూట్లు అడిగాడు. అట్టలు లేపాడు. కుట్లు చూశాడు. లాంజ్‌లో జనం బోర్డింగ్ క్యూ కడుతున్నారు. కొరియర్ అందులోనే ఉన్నాడు. చైతన్యకృష్ణ ఒక్కో ముఖం చూస్తున్నాడు. పొగాకు వ్యాపారి, పిల్లల తల్లి, ఇద్దరు ఇంజినీర్లు. అద్దం మీద అతని ఊపిరి మంచులా పరుచుకుని చెరిగిపోతోంది. రేపు పేపర్లో తన ఫొటో. దాని కింద 'ద్రోహి' అన్న మాట. చుట్టాల మధ్య కూర్చుని జ్యోతి అది చదువుతుంది.

అద్దం మీద గాజుల చేయి ఆనింది. జ్యోతిర్మయి.

ఆమె తన పసుపు తాడు పైకి తీసి చూపించింది. తర్వాత కళ్లతో ఆ పెళ్లికూతుర్ని చూపించింది. పెళ్లికూతురి మెడలో బంగారు గొలుసు మెరుస్తోంది.

అతనికి అర్థమైంది. కొనిపెడతానని సైగ చేశాడు.

జ్యోతిర్మయి నుదురు కొట్టుకుంది. ఈసారి రెండు వేళ్లు విడివిడిగా పట్టుకుని తన తాడు చూపించింది. తర్వాత రెండూ కలిపి ఆవిడ వైపు చూపించింది. కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

అప్పుడు చూశాడు. ఆ గొలుసులో రెండు పుస్తెలూ పగడాలతో కలిపి గుచ్చి ఉన్నాయి. మామూలు కంటే లావుగా ఉన్నాయి. పెళ్లయి వారమేనంది. పదహారు రోజుల పండగ కాకుండా పుస్తెలెలా కలిశాయి? పెళ్లికూతురి మెడలోవి తీయమని ఈ దేశంలో ఏ సెక్యూరిటీ అడగదు. చిప్పు దాచడానికి అంతకంటే మంచి చోటు లేదు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఒక్క ఫోన్ చేయండి. నేను నంబర్ చెప్తాను. నేనెవరో వాళ్లే చెప్తారు."

అది జీవితంలో ఒక్కసారే వాడాల్సిన నంబర్. జయరావు అద్దానికి వీపు పెట్టి డయల్ చేశాడు.

అవతల లాంజ్‌లో పెళ్లికూతురు సంచి జేబులోంచి సెల్‌ఫోన్ తీసింది.

"హలో, ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ," అన్నాడు జయరావు. పెళ్లికూతురు తల వంచి వింటోంది. "చైతన్యకృష్ణ అనే ఆయన..." ఆమె పెదవులు కదిలాయి. ఆ పెదవులకీ తన చెవిలో రెండేళ్లుగా ఉన్న గొంతుకీ లంకె కుదరడానికి అతనికి ఒక్క క్షణం పట్టింది.

ఆ నంబర్ వెళ్లే డెస్క్ లైను తన సెల్‌కి మళ్లించుకుంది రాగసుధ. అతని పేరు కంప్యూటర్లో ఉంచిందీ ఆమే. తీసేశామని చెప్పిందీ ఆమే.

"వెనక్కి చూడండి. ఆవిడే మాట్లాడుతోంది," అన్నాడు.

జయరావు రిసీవర్ పెట్టేసి తిరిగేసరికి ఫోన్ సంచి జేబులోకి వెళ్లిపోయింది.

"అలాంటి ఆఫీసరెవరూ తమ దగ్గర లేరట. వదలొద్దన్నారు." అతని గొంతులో స్నేహం పోయింది. "కూర్చోండి."

క్యూ కదిలింది. చైతన్యకృష్ణ కూర్చున్నాడు. అరిస్తే వినపడదు. తలుపు కదలదు. చేతిలో ఏమీ లేదు. అద్దం అవతల, పది రోజులైనా నిండని భార్య ఒక్కతే ఉంది. ఆమెకి తను మిర్చి వ్యాపారి.

అతను నుదురు తుడుచుకున్నాడు. రెండుసార్లు.

జ్యోతిర్మయి ఎందుకని అడగలేదు. చేతిసంచిలోంచి పొట్లం తీసి నేరుగా క్యూలోకి వెళ్లింది. ఆమె ఏమంటోందో వినపడలేదు గానీ, క్యూలోని పెద్దావిడ నవ్వుతూ పక్కకి జరిగింది. పసుపు కుంకుమ ఇస్తామంటే పెళ్లికూతురు వద్దనకూడదు. అంతమంది చూస్తుండగా అసలే వద్దనలేదు. రాగసుధ వాచీ చూసింది. బలవంతంగా నవ్వింది. రెండు చేతులతో కొంగు పట్టింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మీకు కూతుళ్లున్నారా?"

"ఉంది. మొన్న మాఘంలోనే పెళ్లి చేశాం. అయితే?"

"పుస్తెలెప్పుడు కలిపి గుచ్చారు?"

"పదహారు రోజుల పండక్కి. అందరూ అంతేగా."

"ఆవిడ వారమే అయిందని చెప్పింది, మీ ఎదురుగానే."

జయరావు అద్దంలోంచి చూశాడు. "ఒక్కొక్కరి ఆనవాయితీ ఒక్కోలా ఉంటుంది," అన్నాడు, కానీ గొంతులో బలం లేదు. "పుస్తెలు తీయమని ఆడపిల్లని అడగమంటారా? నా చేత ఆ పని చేయించకండి."

"వద్దు. రీడయల్ నొక్కండి. ఈసారి అటు చూస్తూ."

నొక్కాడు.

లాంజ్‌లో రాగసుధ ఉలిక్కిపడింది. రెండు చేతులూ కొంగు కిందే ఉన్నాయి. కొంగులో పసుపు, కుంకుమ, గుడ్డ. వదిలేస్తే అన్నీ నేలపాలు. జ్యోతిర్మయి ఎంతో మర్యాదగా ఆమె సంచి జేబులోంచి ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"హలో," అంది జయరావు చేతిలోని రిసీవర్. "ఆవిడ చేతులు ఖాళీగా లేవండీ. ఎవరు మాట్లాడేది?"

జయరావు రిసీవర్‌ని చూశాడు. అద్దం అవతల అదే పెదవుల కదలికతో ఉన్న జ్యోతిర్మయిని చూశాడు. తర్వాత ఆ వయసులో ఎవరూ ఊహించనంత వేగంగా తలుపు తెరుచుకుని పరుగెత్తాడు. అలవాటు కొద్దీ బయట తాళం వేసి మరీ పరుగెత్తాడు.

మిగతాదంతా చైతన్యకృష్ణ మూగగానే చూశాడు.

కొంగు జారింది. కుంకుమ ఎగిరింది. రాగసుధ క్యూని చీల్చుకుని గేటు దాటి రన్‌వే మీద పడింది. విమానం నిచ్చెన మెట్లు ఇంకా తీయలేదు. ఆమె మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. వెనక జయరావు రొప్పుతున్నాడు, అందుకోలేడు. వెనక్కి తిరిగి అద్దాల గది వైపు ఏం చేయనన్నట్టు చూశాడు.

చైతన్యకృష్ణ బొటనవేలితో గాలిలో మూడుసార్లు నొక్కి చూపించాడు.

జయరావు జేబులోంచి పెన్ను తీశాడు. మూడో మీట.

కంచె అవతల కల్లంలో ఎండేదంతా ఒక్క పిడికిట్లోకి వచ్చినట్టు ఎర్రటి పొగ లేచింది. రాగసుధ మెట్టు మీదే కూలబడి తుమ్మడం మొదలుపెట్టింది. పక్కనే జయరావు కూడా. ఎక్కడో పోలీసు కుక్క వాళ్లతో గొంతు కలిపింది.

*

లావు పుస్తెల్లో ఒకదాని లోపల చిప్పు దొరికింది. సొంత సెల్ నుంచి చీఫ్ ఫోన్ చేసి టెలిగ్రామ్‌లా మెచ్చుకున్నాడు. చివర, "ఇవాళ్టి నుంచి నీ పేరు కంప్యూటర్లో ఉండదు," అన్నాడు.

"పొద్దున కూడా ఇదే విన్నాను సర్."

తాళం తీసింది జ్యోతిర్మయి. జయరావుకి కళ్లు కనపడక తాళంచెవి ఆమెకే ఇచ్చాడు. లోపలికొచ్చి, బల్ల మీద కూర్చుని, దాచిన సగం చాక్లెట్ అతని చేతిలో పెట్టింది. కాస్త కరిగి ఉంది.

"అయితే మీది మిర్చి వ్యాపారం కాదన్నమాట."

"కాదు."

"అమ్మకి ఏం చెప్పమంటారు?"

"మిర్చి వ్యాపారమనే చెప్పు."

"నాకు కోపం ఉందండీ. ఇంకా రాలేదు, వస్తుంది. అది వచ్చేలోపు ఒకటి చెప్తాను."

"చెప్పు."

"రేపు పొద్దున్నే కొత్తపట్నం వెళ్దాం. మీరక్కడ సముద్రంలో ఏదో దించారని ఇన్‌స్పెక్టర్ గారన్నారు. ఏం దించారో గానీ నేను కాళ్లు తడుపుకోవాలి. ఎర్ర బస్సులో వెళ్దాం. కిటికీ సీటు నాది."

"విమానం వద్దా?"

"వద్దు. బస్సులో మీ మీద అనుమానపడేది కండక్టరొక్కడే. టికెట్ చూపిస్తే ఆయన కూడా వదిలేస్తాడు."