కొర్లయ్య ఇంటి నంబరు

ఉదయం ఏడున్నరకు కళింగరేవులో వీధి దాటాలంటే ఎంతటివారైనా ఆగాల్సిందే. అది మోతపురుగులు ఇళ్లకు తిరిగొచ్చే వేళ. అరచేతి వెడల్పు, ఆరు కాళ్లు, గోధుమరంగు వీపు. అలాంటివి వేల కొద్దీ చప్పుడు లేకుండా రోడ్డు నిండా నడిచి వస్తాయి. ఒక్కోదాని వీపు మీద ఒక్కో వస్తువు ఉంటుంది. బరువైనదైతే ఇరవై ముప్పై కలిసి మోస్తాయి. మొన్న పగిలిన గ్లాసు నూనె సీసాగా, చిరిగిన లంగా చేతిసంచిగా, కాలు విరిగిన కుర్చీ పిల్లల పీటగా మారి, బయల్దేరిన గుమ్మానికే వచ్చి చేరతాయి. కాగితాల్లో ఈ యంత్రం పేరు ప్రత్యావర్తని. ఆ పేరు పెట్టిన పండితుడు కూడా ఇంట్లో మోతపురుగనే అంటాడని చెప్పుకుంటారు.

వారిజ కాలిబాట మీద ఆగి చూస్తూ నిలబడింది. పన్నెండేళ్లుగా చూస్తున్నా ఆమెకు విసుగు రాలేదు. చెత్తబుట్ట అంటే ఏమిటో తెలియని పిల్లలు ఈ ఊళ్లో అప్పుడే ఆరో తరగతికి వచ్చేశారు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్లు పులకరిస్తుంది.

పన్నెండేళ్ల కిందట ఊరికి ఉత్తరాన ఉన్న చెత్తకొండ అంటుకుని ఇరవై మూడు రోజులు ఆరలేదు. ఆ పొగకు పసిపిల్లలు దగ్గి దగ్గి నీలంగా మారుతుంటే, జనం నగరపాలక భవనం ముందు బైఠాయించారు. అప్పుడు పుట్టింది పర్యావరణ సుస్థిరత కార్యాలయం. పుట్టిందంటే బాజాభజంత్రీలతో పుట్టిందనుకునేరు! మెట్ల కింద ఒక గది, మూడు కుర్చీలు ఇచ్చి, ఫ్యాను తర్వాత చూద్దామన్నారు. ఆ మూడు కుర్చీల్లో ఒకటి వారిజది. మిగతా ఇద్దరూ ఈ చెత్తనంతా ఎక్కడ పోయాలా అని తలలు పట్టుకుంటే, అసలు ఇది ఎవరిదో వాళ్లకే ఎందుకివ్వకూడదని ఆమె అడిగింది. ఆ ప్రశ్నలోంచే మొదటి నియమం వచ్చింది: ఏ ఇంటి వస్తువు ఆ ఇంటికే. తయారయ్యే ప్రతి వస్తువులోనూ, ఇళ్లలోని పాత వస్తువులకూ కంటికి కనపడని పొడి ఒకటి కలుపుతారు. వస్తువు ఏ ఇంటిదో చెప్పే ఆ పొడిని ఇంటిగుర్తు అంటారు. మోతపురుగులు ఆ గుర్తును పసిగట్టి, పాడైనదాన్ని మార్పుశాలకు మోసుకుపోయి, బాగుచేసి తిరిగి తెచ్చిస్తాయి. ఇప్పుడు చెత్తకొండ ఉన్నచోట గేదెలు మేస్తున్నాయి. ఈ ఏడాది మొదట్లో సముద్రంలోకి కూడా నీళ్లలో తిరిగే మోతపురుగులను, అంటే నీటిమోతలను, దించారు. అవి దిగిన మూడు నెలలకే, ఒడ్డున నిలబడి చూస్తే నాలుగు నిలువుల లోతున ఇసుక కనబడసాగింది.

ఇవాళ వారిజ చేతిలోని మాటపలక మీద ఒక ఫిర్యాదు ఉంది. ఇన్నేళ్లలో వచ్చిన ఫిర్యాదులన్నీ ఫలానా వస్తువు రాలేదనే. ఇది మాత్రం, వస్తువు తిరిగి వచ్చిందని. పొరపాటున రాసుంటారని కిందివాళ్లు నవ్వి పక్కన పడేస్తే, ఆమె స్వయంగా చేపల వేటవాళ్లుండే జాలారిపేటకు బయల్దేరింది.

సూరాడ పోలమ్మ ఇంటి అరుగు మీద ఒక పెద్ద వల మడత పెట్టి ఉంది. ఉప్పంతా కడిగి, ఎండబెట్టి, తెగిన కన్నులన్నీ అతికించి, కొత్త చీర మడతంత పొందిగ్గా ఉంది. దానికి ఎడంగా, గోడకు చేరగిలబడి పోలమ్మ కూర్చుంది.

"ఇది నాలుగో పాలి తల్లీ," అంది పోలమ్మ. "మా సుట్టాలు సంద్రంలో వొగ్గేసి రావడం, పొద్దున్నకి మీ పురుగులు తెచ్చి అరుగు మీదెట్టేయడం. ఎంత సక్కగా మడతెట్టినాయో సూడు. తిడదామన్నా నోరు రాదు."

వల ఆమె భర్త కొర్లయ్యది. నెల కిందట జ్వరంతో పోయాడు. ఆ పేటలో ఒక ఆచారం ఉంది. చేపల వేటగాడు పోతే పదకొండో రోజున అతని వలను సముద్రంలో వదులుతారు. సముద్రం వలను ఉంచుకుంటే మనిషి ప్రయాణం మొదలైనట్టు. ఉంచుకోకపోతే అతనింకా ఒడ్డునే నిలబడి ఉన్నట్టు. అంతవరకూ ఆ ఇంటివాళ్లెవరూ పడవెక్కకూడదు.

"అయిదు రోజుల్లో వేట నిషేధం అయిపోతాది," అంది కూతురు నూకరత్నం, గుమ్మంలోంచి. పాతికేళ్ల మనిషి, తండ్రితో పదేళ్లు వేటకెళ్లింది. "పేటంతా బోట్లు దించుతారు. నా బోటొక్కటీ ఇసకలో ఉంటాది. అయ్యని ఒడ్డున నిలబెట్టి నాను ఎలా ఎల్తానండీ?"

వారిజ వల అంచును పట్టుకుని చూసింది. ఏ ఇంటి వస్తువు ఆ ఇంటికే అన్న నియమం రాసిన చేయి తనదే. దేన్నీ పోనివ్వకూడదని పట్టుబట్టి కట్టిన ఏర్పాటిది. మనిషికి పోగొట్టుకోవాల్సినవి కూడా ఉంటాయని ఆ మెట్ల కింద గదిలో ముగ్గురిలో ఒక్కరికైనా తట్టలేదు.

"దానిదేముందమ్మా, ఇంటిగుర్తు తీసేస్తే సరిపోతుంది," అంది ధైర్యంగా. కార్యాలయం నుంచి గుర్తుకడుగు అనే ద్రావకం తెప్పించి, వల మొత్తం అందులో రెండుసార్లు ముంచి తీయించింది. మధ్యాహ్నం బంధువులు దాన్ని మళ్లీ తీసుకెళ్లి నడిసముద్రంలో వదిలి వచ్చారు.

మర్నాడు ఉదయం వల అరుగు మీదే ఉంది.

వారిజ పరుగున వచ్చి మాటపలకలో నీటిమోతల చిట్టా తెరిచింది. అందులో నాలుగే వాక్యాలున్నాయి. గుర్తు లేదు. ముడులు చూశాం. నలభై ఒక్క వేల ముడులు, అన్నీ ఒకే చేతివి. ఆ చేయి సూరాడ పోలమ్మది.

ఆమె దాన్ని మూడుసార్లు చదివింది. ముడిని చూసి చేతిని గుర్తుపట్టమని ఆ యంత్రాలకు ఎవరూ నేర్పలేదు. పోలమ్మ ఇంట్లో ఉట్టిని, బుట్ట తాడును, మంచం నులకను పన్నెండేళ్లుగా బాగుచేసి తెస్తూ నేల పురుగులు వాటంతటవే నేర్చుకుని, నీటిమోతలకూ నేర్పాయి. చీకటి నీళ్ల అడుగున, గుర్తంటూ లేని ఒక వలను పట్టుకుని, ముడి వెంట ముడి తడుముకుంటూ దాని మనిషిని వెతికాయి. వారిజ అరుగు అంచున కూర్చుంది. భయమేసింది. దండం పెట్టాలనీ అనిపించింది.

"నిజమే తల్లీ," అంది పోలమ్మ, సంగతి విని. "నాను అల్లినదే. మనువైన ఏడాది వానాకాలమంతా కూకుని అల్లినాను. మావకి కూడా తెలీదు ఏ ముడి ఎలాగేసినానో. ఈటికి తెలిసిపోనాది!" అంటూ అరుగు దిగువన ఉన్న మోతపురుగు వీపును ఒకసారి నిమిరింది.

వారిజ మాటపలకను నోటి దగ్గర పెట్టుకుని అడిగింది. "ఈ వల పోవాలి. పోనివ్వగలరా?"

"పోవడం అనే గమ్యం లేదు," అని పలక మెల్లగా బదులిచ్చింది. "ఇల్లు చెప్పండి, చేరుస్తాం."

ఆ మాటతో ఆమెకు దారి దొరికింది. వీళ్లు అయిదుసార్లూ వలను పారేశారు గానీ ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వాలంటే పుచ్చుకునేవాళ్లకొక ఇల్లుండాలి, ఆ ఇల్లు గృహపట్టికలో ఉండాలి. కొత్త ఇల్లు నమోదు చేసే అధికారం కార్యాలయ ముఖ్య అధికారిగా ఆమెకుంది. ఫారం తెరిచింది.

"వీధి?" అని చదివింది.

"మా పేట దాటినాక తూరుపుకి," అంది నూకరత్నం, నవ్వాలో ఏడవాలో తెలియని గొంతుతో. "వీధంటే ఏటి రాత్తారు? నీళ్లే కదండీ."

"ఇంటి నంబరు?"

"ఒకటి ఎయ్యండి. ఆ ఏపు ఇంకో ఇల్లు లేదు."

వారిజ ఒకటి వేసింది. యజమాని పేరు దగ్గర సముద్రం అని రాయబోతుంటే పోలమ్మ ఆమె చేయి పట్టుకుంది.

"సంద్రం పేరు రాయకు తల్లీ. మావ పేరు రాయి. సూరాడ కొర్లయ్య. ఇంక ఆడ మావదే కదా ఇల్లు."

ఆ పేరే రాసింది. పోలమ్మ పలక ముందు వంగి, ఎదురుగా మనిషితో చెప్పినట్టు, "వల ఇచ్చేసినాను మావా," అంది. పలక మీద పచ్చచుక్క వెలిగింది.

ఆ తర్వాత జరిగినదాన్ని పేటలో ఇవాళ్టికీ చెప్పుకుంటారు. ముందు అరుగు కింద పురుగు కదిలింది. పక్క సందులోంచి పది, వెనక వీధిలోంచి వంద, చూస్తుండగానే లెక్కకు మించి వచ్చాయి. వలను విప్పి, అంచులు ఎత్తి, ఎక్కడా నేలకు తగలకుండా పరిచి పట్టుకున్నాయి. ఇసుక మీదుగా వల తనంతట తానే నడిచి వెళ్తున్నట్టుంది. జనం ఇళ్లలోంచి వచ్చి రెండు పక్కలా నిలబడ్డారు. ఎవరూ పిలవకపోయినా మగవాళ్లు తలపాగాలు తీశారు. నీటి అంచున నీటిమోతలు వరసగా తేలి ఉన్నాయి. నేల పురుగులు వాటికి వలను అందించాయి, అవి మెల్లగా మునిగాయి. నీళ్లు తేటగా ఉండటంతో అందరికీ కనిపించింది: విప్పారిన వల, దాని చుట్టూ వందల చిన్న దీపాలు, కిందికి, ఇంకా కిందికి, తూర్పుకు. నూకరత్నం మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి గొంతెత్తి ఏడ్చింది. నెల రోజులుగా రాని ఏడుపు అది.

వల మళ్లీ రాలేదు. వేట నిషేధం ముగిసిన ఉదయం నూకరత్నం బోటు అందరికంటే ముందు అలలు దాటింది. దాన్ని సాగనంపడానికి వచ్చిన వారిజ తృప్తిగా వెనుదిరుగుతుండగా మాటపలక మోగింది. పోలమ్మ ఇంటి ముందు మోతపురుగులు గుమిగూడాయట.

ఆమె వెళ్లేసరికి గుమ్మం ముందు పురుగులు బారులు తీరి ఉన్నాయి. సంగతి క్షణంలో అర్థమైంది. గృహపట్టికలో కొత్త ఇల్లు కుదురుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఇప్పుడు కొర్లయ్య ఇల్లు మారాడు. ఏ ఇంటి వస్తువు ఆ ఇంటికే. అతని పేరున ఉన్నవన్నీ అతని కొత్త ఇంటికి చేర్చడానికి అవి వచ్చాయి.

పోలమ్మ అప్పటికే చాలావరకు ఇచ్చేసింది. చెప్పులు, చుట్టల డబ్బా, గొడుగు, పండగ చొక్కా ఒక్కొక్కటీ ఇసుక మీద సముద్రం వైపు వెళ్తున్నాయి. "పట్టుకెళ్లండి, ఆడ సలిగా ఉంటాది," అంటూ దుప్పటి కూడా తనే ఎత్తింది. చివరికి ఒకే పురుగు మిగిలింది. అది ఆమె ఒళ్లోని బొంత కోసం వచ్చింది. కొర్లయ్య పాత చొక్కాలు ఆరు కలిపి ఆమె కుట్టిన బొంత అది. దాన్ని రెండు చేతులా గుండెకు హత్తుకుని కూర్చుంది.

పురుగు లాక్కోలేదు. లాక్కోవడం వాటికి తెలియదు. గుమ్మం దగ్గర ఆగి, వారిజ పలక మీద ఒక్క ప్రశ్న వేసింది: ఎంతకాలం వేచి ఉండాలి?

వారిజకు కళ్లు చెమర్చాయి. "తప్పంతా నాదేనమ్మా. ఒక్క మాట రాస్తే బొంత మీ పేరు మీదికి వచ్చేస్తుంది. ఈ పురుగును వెనక్కి పంపేస్తాను."

"వొద్దు తల్లీ," అంది పోలమ్మ. "మావది మావ పేరునే ఉండనీ. ఈ పురుగునీ ఇక్కడే ఉండనీ."

"ఎన్నాళ్లని రాయమంటారు?"

పోలమ్మ బొంత అంచును సర్దుకుని, ఎండ పడకుండా ఆ పురుగును చేత్తో నీడలోకి జరిపింది.

"నానూ ఆ ఇంటికి ఎల్లేదాన్నే కదేటి. ఆ రోజున బొంతనీ నన్నూ కలిపి మోసుకెళ్లమను."

వారిజ పలక మీద తేదీ గడిని ఖాళీగా వదిలేసింది. పురుగు కాళ్లు ముడుచుకుని గుమ్మం పక్కన కూర్చుంది.