మూడో మలుపులో తట్టేదెవరు

ఆ కొండదారిలో మూడో మలుపు మాట వస్తే చాలు, ఎంత గట్టిగా మాట్లాడేవాళ్ళైనా గొంతు తగ్గించేసేవారట. ఒక పక్క నిలువునా కోసిన రాతిగోడ. ఇంకో పక్క తాళం వేసిన ఒంటరి ఇల్లు. రెంటి మధ్యా రోడ్డు ఇరుకై, ఉన్నట్టుండి నిటారుగా పైకి లేస్తుంది. చీకటి పడ్డాక అక్కడ ఎక్కుతుంటే కారు తలుపు మీద ఎవరో తడతారు... టక్... టక్ టక్... తిరిగి చూస్తే ఎవరూ ఉండరు.

తట్టేదెవరో కూడా జనమే తేల్చేశారు. ఆ ఇంట్లో బట్టలు కుట్టుకుంటూ ఒకావిడ ఉండేది. ఓ రాత్రి గుండెనొప్పి వస్తే రోడ్డు మీదికొచ్చి, ఆసుపత్రికి తీసుకెళ్ళమని మలుపులో నెమ్మదించిన ప్రతి కారు తలుపూ తట్టిందట. ఒక్కరూ ఆపలేదు. తెల్లారి పాలవాడు వచ్చేసరికి గడప మీదే ఒరిగిపోయి ఉంది. అప్పట్నుంచీ తడుతూనే ఉందని చెప్పుకునేవారు.

ఈ కథని అందరికంటే రక్తి కట్టించి చెప్పేది ఈల మాస్టారు. టర్బో కార్లకి బలం పెంచడం ఆయన పని. ఆయన చెయ్యి పడ్డ కారు ఈల వేసుకుంటూ దూసుకుపోతుందని కుర్రకారు పెట్టిన పేరది. షెడ్డులో నాలుగు కార్లు, మసిపట్టిన లాప్‌టాప్ ఒకటి, ఆయన నోరు ఒకటి. ఈ మూడింటితోనే వ్యాపారం.

"ఏముందిరా ఈ టర్బోలో? ఇంజిన్ వదిలే పొగతోనే ఒక చక్రం తిప్పుతాం. ఆ చక్రం గాలిని కుక్కికుక్కి మళ్ళీ ఇంజిన్‌లోకే తోస్తుంది. గాలి పెరిగితే పెట్రోలు పెంచాలి, నిప్పురవ్వ కాస్త ఆలస్యంగా వెయ్యాలి. అంతే, వంట లాంటిదే!" అనేవాడు.

కార్లవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, "మాస్టారూ, కొండ మీద మాకూ తట్టింది..." అని చెప్పేవారు. ఆయన బానెట్ ఎత్తి ఓసారి చూసి, మూసేసి, "బండి బంగారంలా ఉంది. ఉన్నదంతా ఆ ఇంట్లోనే ఉంది" అని పంపేసేవాడు. చివరికి ఆ ఇల్లు నేలమట్టం చేస్తే పీడ పోతుందని ఊరి పెద్దలంతా తీర్మానించారు. అందులో మొదట చెయ్యెత్తింది కూడా ఈయనే.

చనిపోయినావిడ కూతురు ఊళ్ళో బట్టల కొట్లో పనిచేస్తుంది. ఆ పిల్ల షెడ్డు దాకా వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"మా అమ్మ ఎవర్నీ భయపెట్టే మనిషి కాదండీ. నాకు మిగిలింది ఆ ఇల్లొక్కటే. మీరు చెబితే అందరూ ఆగుతారు."

"నాదేముందమ్మా, విన్నవాళ్ళు చెబుతున్నారు" అన్నాడు మాస్టారు, స్పానర్ తుడుచుకుంటూ. తల మాత్రం ఎత్తలేదు. నిజానికి లోపల ఎక్కడో ఏదో గుచ్చుకుంది. దాన్ని తీసి చూసుకునే ధైర్యం లేక అలాగే వదిలేశాడు.

రేపు పొద్దున బుల్డోజర్ వస్తుందనగా, ఆ సాయంత్రం మాస్టారి అక్క ఊళ్ళో పని చూసుకుని షెడ్డుకొచ్చింది. ఆవిడ కాపురం కొండకి అవతల. కారు బావగారిదే, దాని బలం పెంచింది మాత్రం మాస్టారే. బావగారికి కిందటి వారం మూడో మలుపులో తట్టిందట. ఇక చీకటిపడ్డాక స్టీరింగ్ పట్టనని భీష్మించుకుని, పగలే కారు షెడ్డులో వదిలేసి బస్సెక్కి వెళ్ళిపోయాడు.

"మీ బావ సంగతి తెలిసిందేగా. నువ్వే దింపరా" అంది అక్క.

"దెయ్యమైనా నన్ను చూస్తే పక్కకి తప్పుకుంటుందక్కా, పద" అన్నాడు మాస్టారు. అన్నాడు కానీ, తను బలం పెంచిన బండిలో తను ఆ కొండెక్కడం అదే మొదటిసారని అక్కకి చెప్పలేదు.

మొదటి మలుపు దాటారు. రెండోది దాటారు. పొగమంచు అద్దానికి అంటుకుంటోంది. అక్క భయంతో కారులో పాటలు ఆపించేసింది. టర్బో సన్నగా ఈల వేస్తోంది. కొండ మొదలైన దగ్గర్నుంచి కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది. మూడో మలుపు తిరిగారు. ఎడమ పక్కన ఇల్లు కనిపించింది... నల్లగా...

టక్.

"ఒరేయ్... వచ్చింది..." అక్క గొంతు గాలిలా వచ్చింది.

టక్ టక్... ఆ పక్కనుంచే. ఇంటివైపు తలుపు మీదే. గబగబా పారిపోదామని మాస్టారు కాలు గట్టిగా నొక్కాడు.

టకటకటకటక...

కాలు యాక్సిలరేటర్ మీంచి జారిపోయింది. అంతే... తట్టడం ఆగిపోయింది.

నొక్కాడు. టక్ టక్ టక్.

తీశాడు. ఏమీ లేదు.

"ఏంట్రా కాలితో ఆ ఆటలు? ముందు పోనియ్!" అంది అక్క ఏడుపు గొంతుతో.

మాస్టారు ఇంకోసారి నొక్కి తీశాడు. ఏ దెయ్యమైనా మనిషి కాలి అనుమతి తీసుకుని తడుతుందా? అప్పుడు మొదలైంది ఆయనకి అసలు భయం. అది ఇంటివైపు నుంచి వస్తున్న భయం కాదు.

గాలిని కుక్కితే గాలి వేడెక్కుతుంది. చదును రోడ్డు మీద కాసేపు పరిగెత్తిస్తే ఫరవాలేదు. కొండ పొడుగూతా తొక్కితే ఆ గాలిని చల్లార్చే కూలర్ కూడా చేతులెత్తేస్తుంది. ఆ వేడికి పెట్రోలు రవ్వ కోసం ఆగకుండా తనంతట తనే భగ్గుమంటుంది, పిస్టన్ మీద సుత్తితో కొట్టినట్టు. షెడ్డుల్లో దాన్నే నాకింగ్ అంటారు. ఆ చప్పుడు కనిపెట్టడానికి ఇంజిన్‌కి సెన్సర్ అనే ఒక చెవి పెట్టి ఉంటారు. అది వినగానే కారులోని కంప్యూటర్ బండి జోరు కాస్త తగ్గిస్తుంది. జోరు తగ్గితే, "మాస్టారూ, ఊపు లేదు" అని కార్లవాళ్ళు గొణిగేవారు. అందుకని మాస్టారు లాప్‌టాప్‌లో ఆ చెవి మూసేశాడు. అన్ని కార్లకీ మూసేశాడు. మూసి, పొద్దున్నే చల్లటిపూట, బల్లపరుపు రోడ్డు మీద ఒక్క పరుగు తీయించి, భేష్ అని తాళాలు చేతికిచ్చేవాడు.

రాతిగోడ ఆ చప్పుడుని ఇంటి మీదికి కొడితే, ఇల్లు తిప్పి కారు తలుపు మీదికి కొడుతోంది. దారి మొత్తంలో నిటారు ఎక్కుడు కూడా ఇక్కడే. తట్టిందన్నవాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ కళ్ళముందుకొచ్చాయి. అందరూ తన ఖాతాదార్లే. పాతబస్సు డ్రైవరుకి ఒక్కసారైనా తట్టలేదు. రోజూ ఎక్కే పాలవాడి వ్యానుకీ తట్టలేదు. ఇంత సంగతి తనకి తట్టలేదా? తట్టింది. తట్టినా తలుపు తియ్యలేదు. ఆ రాత్రి ఆవిడ కోసం ఆపని కార్లవాళ్ళకీ తనకీ తేడా ఏముంది? వాళ్ళు చావుకి వదిలేశారు. తను చచ్చిన మనిషిని కూడా వదల్లేదు. ఎండలో నిలబెట్టినట్టు మొహమంతా మండిపోయింది సిగ్గుతో.

కారు పక్కకి తీసి ఇంజిన్ ఆపేశాడు.

"ఇక్కడ ఆపావేంట్రా..." అక్క సంచి గుండెలకి హత్తుకుంది.

అంతా నిశ్శబ్దం. ఇంజిన్ లేదు. ఈల లేదు. చప్పుడు చెయ్యడానికి ఇంకేమీ లేదు.

టక్... టక్.

అక్క కెవ్వుమంది. అద్దానికి అవతల ఒక వెలుగు... వెలుగు వెనక ఒక ఆడమనిషి.

కుట్టుపని ఆవిడ కూతురు. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో నీళ్ళ సీసా.

"భయపడకండి, నేనేనండీ. రేపు ఇల్లు పోతోంది కదా, ఈ ఒక్కరాత్రీ ఇక్కడ పడుకుందామని వచ్చాను. నీళ్ళు తాగుతారా? బండి ఆగితే అమ్మ ఇచ్చేది."

మాస్టారు అద్దం దించాడు. సీసా అందుకోవడానికి చెయ్యి రాలేదు. ఆ పిల్ల కాస్త వంగి, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"మీకూ వినపడింది కదండీ? నాకూ వినపడింది... ఇందాక, వరండాలో కూర్చుంటే. ఏ వైపు తట్టింది? కోపంగా తట్టిందా, మామూలుగానేనా?"

రోజంతా వాగే మాస్టారు తల దించుకునే చెప్పాడు.

"మీ అమ్మ కాదు తల్లీ. నేను. నేను పాడుచేసిన బండ్ల చప్పుడమ్మా అది. ఇక్కడ ఏ దెయ్యమూ లేదు, ఎప్పుడూ లేదు. పొద్దున్నే నలుగురి ముందూ నేనే చెబుతాను. బుల్డోజర్‌కి నేనే అడ్డంగా నిలబడతాను. మీ ఇంటి మీద చెయ్యి పడనివ్వను."

తిడుతుందనుకున్నాడు. కొట్టినా పడదామనుకున్నాడు. ఆ పిల్ల కారు వంక చూసింది, ఇంటి వంక చూసింది. టార్చి వెలుగు నెమ్మదిగా నేల మీదికి వాలిపోయింది.

"అంటే..." అంది ఆ పిల్ల, "ఇన్నాళ్ళూ అమ్మ ఒక్కసారి కూడా రాలేదాండీ?"