గుమ్మం దగ్గరి సంచి

ఆ ఉదయం గరాచర్మలో భూమి కాస్త కదిలింది. వంటింట్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగాయి, అంతే. పోర్ట్‌బ్లెయిర్ వైపు అలాంటివి వస్తూనే ఉంటాయి. వాటి కోసం ఎవరూ పళ్లు తోముకోవడం కూడా ఆపరు. గవరమ్మ మాత్రం చేతిలోని చేట కింద పెట్టి, వీధి గుమ్మం పక్కన మేకుకి వేలాడుతున్న రెక్సిన్ సంచి వైపు చూసింది. సంచి అక్కడే ఉంది. మళ్లీ చేట అందుకుంది.

సునామీ వచ్చి ఏడేళ్లు దాటినా ఆ సంచి మేకు మీంచి దిగలేదు. అందులో రేషన్ కార్డు, టార్చిలైటు, ఒక జత బట్టలు, బిస్కెట్లు ఉంటాయని ఇంట్లో అందరికీ తెలుసు. భూమి గట్టిగా ఊగితే అది భుజాన వేసుకుని మిట్టకి పరుగెత్తడమే. వాళ్లకి తెలిసిన ఇళ్లలో అలాంటి సంచి లేని ఇల్లు లేదు. అందుకే దాన్ని ఎవరూ తెరిచి చూడలేదు.

"అత్తయ్యా, ఒక్క నిమిషం ఇలా కూర్చోండి," అంటూ కోడలు కావేరి బీపీ మిషన్ తెచ్చింది.

కావేరి డాక్టరు. పలాసలో పుట్టి, విశాఖపట్నంలో చదువుకుని, గోపీచంద్‌ని చేసుకుని ఈ దీవికి వచ్చింది. అతనికి చాతం రేవు దగ్గర ఫెర్రీ మీద ఉద్యోగం. ఇంటి ముందు గదుల్లో కావేరి క్లినిక్కు పెట్టింది. అత్త చేతికి పట్టీ చుట్టి, అంకె చూసి, కావేరి నిట్టూర్చింది.

"మాత్ర వేసుకున్నారా?"

"ఏసుకున్నానమ్మా."

"రోజూ వేసుకుంటున్నారా?"

"రోజూ ఏసుకుంతన్నాను. నానేటి సిన్నపిల్లనా?"

అప్పటికే కావేరి ఆవిడకి డోసు పెంచింది, ఉప్పు తగ్గించింది, ఆఖరికి ఊరగాయ జాడీ ఉన్న బీరువాకి తాళం కూడా వేసింది. కోడలు ఊరగాయకి తాళం వేసినా అత్తగారు నోరెత్తలేదంటే అక్కడే అనుమానించాల్సింది. కానీ పొద్దున్నుంచి సాయంత్రం వరకు ఊరందరి రోగాలూ వినే మనిషికి ఇంట్లో అనుమానించే ఓపిక ఎక్కడుంటుంది? "ఈసారి మాత్ర మార్చాలి," అనుకుని క్లినిక్కు తలుపు తీసింది.

క్లినిక్కు గోడ మీద పెద్ద బోర్డు ఉంది. జ్వరాలు, బీపీ, షుగరు, గాయాలకు కట్లు, గర్భిణీలకు పరీక్షలు, పిల్లలకు టీకాలు, ఏ రోజు ఏమిటి, పరగడుపున రావలసింది ఎప్పుడు, అన్నీ మూడు భాషల్లో రాయించింది కావేరి. శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన పెద్దవాళ్లకి చదువు రాదు. వాళ్ల మనవలు తెలుగు గడగడా మాట్లాడతారు గానీ చదవమంటే హిందీ వెతుక్కుంటారు. కాబట్టి ఆ తెలుగు వరసల్ని ఆసాంతం చదివింది రాసిన పెయింటరు ఒక్కడే.

అసలు బోర్డు గవరమ్మ. మందుల కిటికీ దగ్గర కూర్చుని టోకెన్లిచ్చేది, మాత్రలిచ్చేది, ఏది ఎప్పుడు వేసుకోవాలో చెప్పేది ఆవిడే. "సుబహ్ ఏక్, రాత్ ఏక్, ఖానా ఖాకే," అని, అన్నం తిన్నాక పొద్దునొకటీ రాత్రొకటీ వేసుకోమని బెంగాలీ తాతకి హిందీలో చెప్పి పంపేది. తనవాళ్లు వస్తే మాత్రం కిటికీలోంచి కాస్త ముందుకి వంగి, గొంతు తగ్గించి ఇంకొంచెంసేపు మాట్లాడేది. ఆప్యాయత అనుకునేది కావేరి.

కావేరికి కొన్నాళ్లుగా ఒక సంగతి అంతుపట్టడం లేదు. అవే మాత్రలతో బెంగాలీ వాళ్లకీ, తమిళం వాళ్లకీ బీపీ దిగుతోంది. తెలుగు పెద్దవాళ్లకి దిగడం లేదు. ఎండుచేపల్లో ఉప్పు వల్లనేమోనని వాళ్లందరికీ ఎండుచేపలు మాన్పించింది. వాళ్లు మొహాలు మాడ్చుకుని మానేశారు. అయినా దిగలేదు.

ఆ మధ్యాహ్నం బ్రూక్షాబాద్ నుంచి జోగులు ఫోన్ చేశాడు. "డాక్టర్ దీదీ, మాయమ్మ పడిపోనాది. మాట తేడాగా వొస్తంది. జల్దీ రండి."

జోగులు తల్లి ఎరుకమ్మ, గవరమ్మకి ప్రాణస్నేహితురాలు. కావేరి వెళ్లేసరికి ఆవిడ మూతి ఒక పక్కకి జారి ఉంది. కుడి చెయ్యి లేవడం లేదు. క్షణం ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలంది కావేరి. కార్డు కోసం జోగులు గుమ్మం పక్కన సంచి లాగి నేల మీద బోర్లించాడు. కార్డుతో పాటు ఒక ప్లాస్టిక్ పొట్లం పడింది. దాన్నిండా సగానికి విరిచిన మాత్రలు. అన్నీ కావేరి రాసిచ్చినవే.

"ఇవేంటి జోగులూ?"

"సంచి మాత్రలు దీదీ. సగం నోట్లోకి, సగం సంచిలోకి. రేపు పానీ వొచ్చి జహాజులు ఆగి, ఓడ మీద మందులు రాకపోతే కావాల కదా. మీరే సెప్పమన్నారని గవర పిన్ని సెప్పినాది. మావోళ్లందరూ అలాగే దాస్తన్నారు."

కావేరి ఆ పొట్లం అందుకుంది. తను రాసేది ఒకటి, కిటికీలోంచి బయటికి పోయేది ఒకటి. అదీ తన పేరు మీదే.

ఎరుకమ్మని ఆసుపత్రిలో చేర్పించి కావేరి ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. గోపీచంద్ డ్యూటీ దిగి టీ తాగుతున్నాడు. కావేరి సంచి మేకు మీంచి తీసి మంచం మీద బోర్లించింది. టార్చి, బట్టలు, బిస్కెట్లు పడ్డాయి. వాటి మీద పొట్లాలు పొట్లాలుగా సగం మాత్రలు పడ్డాయి. కొన్ని రంగు మారి పిండిపిండిగా ఉన్నాయి.

గవరమ్మ వంటింటి గడప దగ్గరే ఆగిపోయింది.

"ఎరుకమ్మ పెద్దమ్మకి మూతి జారి, కుడి పక్క పడిపోయింది," అంది కావేరి. "నేను డోసు పెంచుతాను, మీరు సగం చేయమంటారు. ఇంకా ఎంతమందికి చెప్పారు అత్తయ్యా?"

గవరమ్మ చూపు మంచం మీది మాత్రల మీదే ఉంది.

"మీ ఒంటి మీదికీ తెచ్చుకున్నారు. రేపట్నుంచి మీరు కిటికీ దగ్గర కూర్చోవద్దు."

"కావేరీ, కొంచెం నెమ్మదిగా," అన్నాడు గోపీచంద్.

"మీరు ఆగండి. మీ అమ్మ మాట విని ఒక మనిషి మంచాన పడింది."

గవరమ్మ వచ్చి మంచం అంచున కూర్చుని, చెదిరిన మాత్రల్ని ఒక్కొక్కటే దగ్గరికి చేర్చసాగింది. "ఆ రోజు నువ్విక్కడ నేవు తల్లీ," అంది.

"మావయ్యగారు సునామీలో పోయారని నాకూ తెలుసు. దానికీ ఈ మాత్రలకీ ఏమిటి సంబంధం?"

"మీ మావ నీళ్లల్లో పోనేదు."

గోపీచంద్ చేతిలో టీ గ్లాసు కింద పెట్టాడు. తండ్రి దాలయ్య ఓడ మీద వెళ్లాల్సిన ఇంకో దీవిలో, హట్‌బేలో కిరాణా కొట్టు నడిపేవాడు. అప్పుడు గోపీచంద్ పోర్ట్‌బ్లెయిర్‌లో ఉద్యోగంలో ఉన్నాడు. తండ్రిని సముద్రం పట్టుకుపోయిందనే అతను ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకున్నాడు.

"భూమి ఊగగానే కొండెక్కీసినాము," అంది గవరమ్మ. "నీళ్లు మమ్మల్ని ముట్టుకోనేదు. మీ మావ బాగానే ఉన్నాడు. కొబ్బరికాయలు కొట్టి పిల్లలందరికీ పంచినాడు. రోజూ ఏసుకునే మాత్రలు ఇంట్లో గూట్లో ఉండిపోనాయి. కిందకి సూస్తే గూడూ నేదు, ఇల్లూ నేదు. రేపు జహాజు వొస్తాదన్నారు. రేపొచ్చినా రానేదు. తలనొప్పన్నాడు. తరవాత మూతి పక్కకెలిపోనాది. ఎరుకకి ఎలగయ్యిందో అలగే. నా ఒళ్లోనే పోనాడు. జహాజు మర్నాడొచ్చినాది."

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు గోపీచంద్.

"ఏటని సెప్పను నాన్నా? సముద్రం తీసుకుపోనాదంటే లోకానికి అర్థమవుద్ది. సిన్న మాత్ర నేక పోనాడంటే ఎవులికి అర్థమవుద్ది? ఇంకెవులికీ అలగ అవ్వకూడదనే సెప్పినాను. సెడు సేద్దామని కాదు."

కోపం రావలసిన చోట కావేరికి ఏడుపొచ్చింది. అయినా సగంలో వదిలేస్తే ఇంకెవరో పడతారని ఆవిడకి తెలుసు.

"మావయ్యగారు మాత్ర దొరక్క పోయారు," అంది మెల్లగా. "పెద్దమ్మ మాత్ర ఇంట్లో పెట్టుకుని పడిపోయింది. రోజూ సగమే వేసుకుంటే, రోజూ సగం కొండ మీద కూర్చున్నట్టే అత్తయ్యా."

గవరమ్మ చేతులు ఆగిపోయాయి. కోడలి మొహంలోకి చూసింది. "అయితే నానే సేసినానా?"

కాదని చెప్పాలని కావేరికి ఎంతగానో అనిపించింది. కానీ చెప్పలేకపోయింది. "అవును. నేనూ చేశాను. నా కిటికీలోంచి ఏం చెబుతున్నారో ఒక్క రోజూ వచ్చి వినలేదు."

గవరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. దాలయ్య పోయాక ఒంటరిగా తన దగ్గరికి వచ్చిన రోజు కూడా అమ్మ అలా ఏడవగా చూడలేదు గోపీచంద్.

మర్నాటి నుంచి కిటికీ దగ్గర కుర్చీ ఖాళీ. కావేరే మాత్రలిచ్చింది, కావేరే చెప్పింది. తెలుగు పెద్దవాళ్లని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి దాచుకోవద్దని నచ్చజెప్పింది. అందరూ బుద్ధిగా తలూపారు. బయటికెళ్లి, "డాక్టరమ్మ మెయిన్‌లాండ్ మనిషి, ఆ కొండ మీద కూకుంటే తెలిసుండేది," అని గుసగుసలాడుకున్నారు. ఆ మాట కావేరి చెవినపడింది. కోపం తెచ్చుకునే ఓపిక కూడా మిగల్లేదు. వాళ్లు అన్నదాంట్లో తప్పేముంది? నిజంగానే జహాజు రాకపోతే వాళ్లేం చేయాలో తను ఏనాడూ చెప్పలేదు.

ఆ ఆదివారం కావేరి రెండు స్ట్రిప్పులు పట్టుకుని అత్త పక్కన చాప మీద కూర్చుంది.

"అత్తయ్యా, హట్‌బే కొట్లో కొత్త బియ్యం బస్తా దిగితే ఏం చేసేవారు?"

"ఎనక్కి నెట్టి, పాతది ముందుకి లాగీవోళ్లం. నేకపోతే పురుగట్టీదు కదా," అంది గవరమ్మ నీరసంగా.

"కొట్టు ఎప్పుడైనా ఖాళీ అయ్యేదా?"

"ఎలగవుద్ది? ఒక బస్తా ఎప్పుడూ ఎనకుండీది."

"మాత్రలూ అలాగే ఇద్దాం. ఒక స్ట్రిప్పు నోటికి, ఒక స్ట్రిప్పు అదనంగా సంచికి, నేనే రాసిస్తాను. ఏదీ విరవక్కర్లేదు. మళ్లీ వచ్చినప్పుడు సంచిలో పాతది నోటికి వస్తుంది, కొత్తది సంచిలోకి వెళ్తుంది. జహాజు రాకపోయినా సంచి ఖాళీగా ఉండదు, మనిషికీ తక్కువవదు."

గవరమ్మ స్ట్రిప్పులు రెండూ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ మాట మొదట్లోనే సెప్పుంటే..." అని ఆగిపోయింది.

"అప్పుడు నాకు సంచిలో ఏముందో తెలీదు. ఇప్పుడు ఇది నేను చెబితే వినరు, మీరు చెబితేనే వింటారు. కానీ ముందు చెప్పింది తప్పని కూడా మీరే చెప్పాలి. కష్టమే."

గవరమ్మ తలూపింది. "ముందు ఎరుకకి సెప్పాల."

ఎరుకమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక అత్తాకోడళ్లిద్దరూ బ్రూక్షాబాద్ బస్సెక్కారు. దారి పొడుగునా గవరమ్మ కిటికీలోంచి బయటికే చూసింది. ఎరుకమ్మ మంచం మీద దిండుకి జారబడి ఉంది. మాట ముద్దముద్దగా వస్తోంది. స్నేహితురాలిని చూసి ఎడమ చెయ్యి చాపింది.

గవరమ్మ ఆ చెయ్యి పట్టుకుని కింద కూలబడింది. "ఎరుకా, నాను తప్పు సెప్పినాను. సగం ఏసుకోమని నిన్ను నానే పడగొట్టీసినాను. నా మాటినొద్దు ఇంక."

కళ్లనుంచి నీళ్లు కారుతుంటే ఎరుకమ్మ గుమ్మం వైపు చూసింది. మేకు ఖాళీగా ఉంది. సంచిని జోగులు కోపంతో అటక మీదికి విసిరేశాడు. గవరమ్మ అతన్ని అడిగి దాన్ని దింపించి, కొత్త స్ట్రిప్పు ఒకటి లోపల పెట్టి, మళ్లీ మేకుకి తగిలించింది. రెండో స్ట్రిప్పులోంచి మాత్ర తీసి, విరవకుండా, ఎరుకమ్మ నోట్లో వేసి గ్లాసుతో నీళ్లు పట్టింది. నీళ్లు సగం గెడ్డం మీదికి కారాయి. కొంగుతో తుడిచింది.

మాత్ర మింగి ఎరుకమ్మ గవరమ్మ మణికట్టు పట్టుకుంది. నోరు కూడదీసుకుని ఒక్కొక్క మాటే అంది.

"నువ్... ఏసుకున్... నావా?"

గవరమ్మ చెయ్యి కొంగు మీదికి పోయింది. ఆ పొద్దున కోడలు ఇచ్చిన మాత్రలో సగం, అలవాటు కొద్దీ, ఇంకా కొంగు ముడిలోనే ఉంది. అందరికీ మానమని చెప్పడానికి వచ్చిన మనిషి తను మానలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ కావేరి ఆ ముడి వైపు చూసింది.

గవరమ్మ ముడి విప్పి ఆ సగం ముక్క నాలుక మీద వేసుకుంది. ఎరుకమ్మ ఎడమ చేత్తో తన గ్లాసులో మిగిలిన నీళ్లు స్నేహితురాలి నోటికి అందించింది.

"మింగీ," అంది ఎరుకమ్మ.

గవరమ్మ మింగింది. ఏడేళ్ల తరవాత అప్పటికి ఆవిడ ఆ కొండ దిగింది.