కుర్రు మీద పోయిన పుస్తెలతాడు

ప్రవళిక కుర్చీలో కూర్చోకముందే ఏడుపు మొదలుపెట్టింది. ఆర్మూర్‌లో ఎరువుల దుకాణం పైనున్న ఆ గదికి నవ్వుతూ వచ్చేవాళ్ళు ఎలాగూ ఉండరు కాబట్టి ప్రైవేట్ డిటెక్టివ్ గంగామణి తొందరపడలేదు. మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది. ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని ఆరితేరిన గంగామణి మేడం అంటే అసిస్టెంట్ శ్రావణ్‌కు గురి. ఆమె నోరు విప్పకముందే తనే దొంగను కనిపెట్టాలని అతని ఆశ. అది ఇంతవరకూ తీరలేదు.

సంగతి ఇది. నందిపేట్ దాటాక గోదావరి నీళ్ళ నడుమ ఇసుకతేలిన కుర్రు ఒకటుంది. శని, ఆదివారాల్లో ఆడవాళ్ళను ఆ దీవికి చవగ్గా తిప్పుకొస్తుంది ప్రవళిక. షేరింగ్ ఆటో, సాయన్న పడవ, అద్దె గుడారాలు, ఎవరి సద్ది వాళ్ళది. పోయిన వారం వెళ్ళినవాళ్ళలో పసుపు కమీషన్ ఏజెంట్ రామకిష్టయ్య భార్య భాగ్యవతి ఉంది. ఆమె ఇల్లు చేరిన సాయంత్రమే రామకిష్టయ్య ఫోన్ చేశాడు. కుర్రు మీద స్నానానికి దిగుతూ గట్టున పెట్టిన బంగారు పుస్తెలతాడు పోయిందట. తీసింది సాయన్నేనట. వారంలోగా తాడు రాకపోతే పోలీసు కేసేనట.

"రేపే మళ్ళ ట్రిప్పు ఉంది మేడం. ఒక్కొక్కలు రామంటున్నరు. కేసయితే సాయన్న పడవ పట్కపోతరు. ఇగ నన్నెవరు నమ్ముతరు?" అంది ప్రవళిక.

గంగామణి ఆమె ఫోన్‌లోని ఫొటోలు అడిగి చూసింది. వెళ్ళేటప్పుడు పడవ ఎక్కుతూ భాగ్యవతి వంగి గోదారమ్మకు పసుపు కుంకుమ వేస్తోంది. మెడలో పచ్చటి తాడు ముందుకు వేలాడుతోంది. తిరిగొచ్చేటప్పటి ఫొటోలో అందరితో కలిసి జామకాయ కొరుకుతూ పకపకా నవ్వుతోంది. పోయేటప్పుడు తాడు ఉందన్నమాట అని శ్రావణ్ మనసులో ఖాయం చేసుకున్నాడు. గంగామణి మొదటి ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూసింది.

రామకిష్టయ్య ఇంట్లో మాటలన్నీ ఆయనవే. భాగ్యవతి మెడలో ఇప్పుడు పసుపుకొమ్ము కట్టిన దారం ఉంది. బంగారం మెడలో లేనప్పుడు ముత్తయిదువ మెడ బోసిగా ఉండకూడదు కదా. కొమ్ము ఎప్పుడు కట్టుకున్నావని గంగామణి అడిగితే, ఇంటికొచ్చాకే కట్టుకున్నానని తల దించుకునే చెప్పి, చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. రామకిష్టయ్య వ్యాపారం మాటల్లోకి దిగాడు. ధర బాగుందని, ఇంట్లో దాచిన మేలురకం పసుపు కూడా ఆదివారం పొద్దున్నే గోడౌన్‌కు పంపాడట. సాంగ్లీ మార్కెట్‌కు పోయే లారీ దొరక్క మూటలింకా అక్కడే పడున్నాయట. చాయ్ తెచ్చిన భాగ్యవతి కళ్ళు గది మూలకు పోయాయి. అక్కడ మూటలు తీసేసిన చోట పసుపు పొడి మాత్రమే మిగిలింది.

బయటికి రాగానే శ్రావణ్ సాయన్న మీద తన అనుమానమంతా వెళ్ళగక్కాడు. గంగామణి ఓపిగ్గా విని, అందరినీ గోడౌన్‌కు పిలవమంది.

సాయంత్రం అందరూ చేరారు. సాయన్న మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"పుస్తెలతాడు పోయిన ఆడమనిషి కుర్రు మీదనే లొల్లి పెడ్తది. జామకాయ తినుకుంట నవ్వదు. అంటే గప్పటికి పోయినట్టు ఆమెకే తెల్వది," అంది గంగామణి. తర్వాత మొదటి ఫొటో చూపించింది. "గిది పడవ ఎక్కేటప్పటిది. మెడల ఉన్నది బంగారం కాదు, పసుపుకొమ్ము. నీళ్ళ మీదికి పోతున్నమని బంగారం ఇంట్లనే దాచింది. దొంగలు బీరువా పగలగొడ్తరు గాని పసుపు మూట విప్పరని మనోళ్ళ లెక్క గదా. ఈమె తిరిగొచ్చేసరికి మూటనే లేదు. సేటు గారే పంపిన్రు."

భాగ్యవతి గోడకు ఆనుకుని మెల్లగా అంది. "నా మెడల కొమ్ము చూసి ఈయన అడిగిండు. తాడు సాంగ్లీకి పోయిందనుకున్న. భయానికి స్నానంకాడ పోయిందన్న. దొంగతనమని ఈయననే అన్నడు. నేను నోరు మూసుకున్న."

మూటలు ఒక్కొక్కటే విప్పి కుమ్మరించారు. కొమ్ముల మధ్యలోంచి తాడు జారిపడింది. ఒళ్ళంతా పసుపు పూసుకుని పెళ్ళినాటి తాడులా ఉంది. సాయన్న కూలబడి కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఇంతసేపూ ఆ మనిషిని దొంగనుకున్నందుకు శ్రావణ్‌కు నిజంగా సిగ్గేసింది.

రామకిష్టయ్య గొంతు సవరించుకుని, సంగతి ఇక్కడితో ఆపుదామని, నలుగురికీ తెలిస్తే ఇంటి పరువు పోతుందని నసిగాడు. భాగ్యవతి తాడు మెడలో వేసుకుంది. అతని వైపు చూడకుండా, ట్రిప్పుకు రానన్నవాళ్ళ నంబర్లు ప్రవళికను అడిగింది.

"అక్కా, నేను భాగ్యవతిని," అంది మొదటి ఫోన్‌లో. "నా తాడు నా ఇంట్లనే దొరికింది. సాయన్న తప్పు లేదు, గా పిల్ల తప్పు లేదు, అబద్ధం నాది. రేపు నేను గూడ వస్తున్న. మీరు గూడ రాండ్రి."

ఆమె రెండో నంబరు నొక్కేలోపే, సాయన్న రేపటి కోసం పడవ కడిగిపెట్టడానికి లేచి బయల్దేరాడు.