మెట్ల చివరి గదిలో మూలుగు

ఆ ఇంటి రెండో అంతస్తులో, మెట్లు అయిపోయిన చోట ఒక గది ఉంది. పోస్టుమాన్ ఆ మెట్లెక్కడు. ఉత్తరాలు కిందే పెట్టి పోతాడు. గ్యాసు బండ మోసేవాడు మొదటి అంతస్తు దాకా వచ్చి, "ఇక్కణ్ణించి మీ తంటాలు మీరు పడండి" అంటాడు.

ఎందుకంటే — సాయంత్రం ఆరున్నర దాటితే ఆ గదిలో ఏదో మూలుగుతుందని భయం.

కేక కాదు. ఏడుపూ కాదు. కడుపునొప్పి వచ్చిన గేదె మూలిగినట్టు... గోడల్లోంచి, నేలలోంచి, మన పక్కటెముకల్లోకి వచ్చే మూలుగు. తొమ్మిదింటికి టక్కున ఆగిపోతుందట.

ఈ సంగతి నాకు మా మేనమామ చెప్పాడు. ఆయన గిటార్లూ యాంప్లిఫయర్లూ బాగుచేస్తాడు. కరెంటంటే భయం లేదు గానీ చీకటంటే ఉంది. ఇప్పటికీ రాత్రిపూట పెరట్లోకి వెళ్ళాలంటే మా అత్తయ్య తోడు వెళ్ళాల్సిందే. అందుకే ఆయన చెప్పింది నమ్ముతాను. గొప్పలకు పోయే మనిషైతే తను వణికిన సంగతి చెప్పుకోడు కదా.

ఆ గది ఒక బేస్ గిటార్ వాయించే ఆయనది. హోటళ్ళలో, నాటకాల్లో వాయించేవాడు. ఎనిమిది నెలల కింద పోయాడు. పిల్లల్లేరు. భార్య ఆ గది పక్క వాటాలోనే ఒంటరిగా ఉంటోంది. కింద అంతస్తులో ఆయన అన్నగారు, రిటైరైన సర్వేయరు.

ఆ పెద్దాయనకి గది మీద కన్ను పడింది. తన పాత మ్యాపుల ట్రంకు పెట్టెలు పెట్టుకోడానికి కావాలి. ఒక సాయంత్రం కొలత టేపు పట్టుకుని పైకెళ్ళాడు. పొడుగు కొలిచాడు. వెడల్పు కొలవబోతుంటే... గోడకి వేలాడుతున్న గిటార్ "మ్మ్మ్..." అంది.

చేతిలో టేపు సర్రున వెనక్కి చుట్టుకుని వేలు కోసేసింది. జీవితమంతా భూములు కొలిచిన మనిషి, ఆ రోజు ఎన్ని మెట్లు ఒక్క దూకులో దిగాడో ఆయనకే లెక్క తెలీదు.

ఆ మూలుగు రెండు వారాలైనా ఆగకపోయేసరికి, వేలికి కట్టుతోనే మామయ్య షాపుకొచ్చాడు.

"దెయ్యం లేదు, గియ్యం లేదు. ఏదో వైరు తేడా. అంతేనా కాదా?"

"అంతేనండీ," అన్నాడు మామయ్య.

"మరి నువ్వెళ్ళి చూడు."

"మీరూ వస్తారుగా?"

పెద్దాయన వేలి కట్టు సర్దుకున్నాడు. "నేను కింద ఉంటా. ఎవరో ఒకళ్ళు కింద ఉండాలి కదయ్యా."

జబ్బు ఉన్నప్పుడే నాడి చూడాలి. మధ్యాహ్నం వెళితే మూలుగు ఉండదు. కాబట్టి తప్పనిసరై, ఆరు దాటాక మామయ్య ఆ మెట్లెక్కాడు. ఒక చేతిలో పనిముట్ల సంచి. రెండో చేయి గోడ మీద.

గదిలో దుమ్ము వాసన. ఒక కుర్చీ. గోడకి గిటార్. దాన్నుంచి యాంప్లిఫయర్ దాకా నల్లటి కేబుల్. యాంప్లిఫయర్ మీద చిన్న ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది... చివరిసారి వాయించి ఆయన ఆపలేదు, ఆయన పోయాక భార్య ఆపనివ్వలేదు.

ఆరున్నర.

"మ్మ్మ్..."

మామయ్య సంచి గుండెకి హత్తుకున్నాడు. చిన్నప్పుడు నేర్చుకున్న శ్లోకమేదైనా గుర్తొస్తుందేమో చూశాడు. రాలేదు. పని గుర్తొచ్చింది.

ముందు యాంప్లిఫయర్ నుంచి కేబుల్ పీకాడు. నిశ్శబ్దం. అంటే తప్పు యాంప్లిఫయర్‌ది కాదు. తన సంచిలోంచి కొత్త కేబుల్ తీసి కలిపాడు. మళ్ళీ మూలుగు. కేబుల్‌దీ కాదు. ఇక మిగిలింది — గిటార్.

మెల్లగా చెయ్యి చాచి తీగల మీద వేశాడు.

ఆగిపోయింది.

చెయ్యి తీశాడు. "మ్మ్మ్..."

వేశాడు. నిశ్శబ్దం. తీశాడు. మూలుగు. మూడోసారి అలా జరిగాక, ఎందుకైనా మంచిదని గిటార్‌కి ఒక దణ్ణం పెట్టుకున్నాడు.

దానికి కారణం మామయ్యకి తెలుసు. గాల్లో ఉండే కరెంటు రొద గిటార్‌లోకి చొరబడుతుంటే, మనిషి తీగలు పట్టుకోగానే ఆ ఒళ్ళే దానికి అడ్డుగోడ అవుతుంది. రోజూ చూసేదే. కానీ తెలిసింది తలకాయకి. మోకాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

సరే, బ్యాటరీ చూద్దామనుకున్నాడు. ఆ రకం గిటార్‌లో శబ్దాన్ని పెంచే చిన్న సర్క్యూట్ ఉంటుంది, దానికో చిన్న చదరపు బ్యాటరీ. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ, వాయించినా వాయించకపోయినా ఆ బ్యాటరీ అరిగిపోతూనే ఉంటుంది. మహా అయితే రెండు నెలలు వస్తుంది.

మనిషి పోయి ఎనిమిది నెలలు.

వెనక మూత తెరిచి, బ్యాటరీకి మీటరు పెట్టాడు. తొమ్మిదిన్నర వోల్టులు.

కొత్తది... మొన్నో నిన్నో వేసింది.

మామయ్య మీటరు మళ్ళీ పెట్టి చూశాడు. అదే. పోయినవాళ్ళు తిరిగొస్తారని విన్నాడు. తిరిగొచ్చి బ్యాటరీ మార్చుకుంటారని ఎక్కడా వినలేదు.

పారిపోదామంటే తలుపు అవతల మెట్ల మీద లైటు లేదు. లైటున్న గదిలో దెయ్యంతో ఉండటమా, లైటు లేని మెట్ల మీద ఒంటరిగా ఉండటమా... గదే నయమనిపించింది. ఊరికే ఉండలేక పెద్ద మూత మరలు కూడా విప్పాడు.

లోపల గుంతకి చుట్టూ రాగి రేకు అంటించి ఉంది. బయటి రొద లోపలికి రాకుండా ఆపేది ఆ రేకే. ఆపిన రొదని మళ్ళించడానికి దానికో నల్ల వైరు కలపాలి. ఆ వైరు తెగి ఉంది.

టార్చి దగ్గరగా పెట్టి చూశాడు. పాతబడి తెగలేదు. తుప్పు పట్టి ఊడలేదు. గోళ్ళ కత్తెరతో కత్తిరించినట్టు, నున్నగా. పైగా తెగిన కొస ఇంకోదానికి తగలకుండా, బుల్లి టేపు ముక్క చుట్టి ఉంది.

ఏ దెయ్యానికి అంత జాగ్రత్త ఉంటుంది?

"కనిపెట్టేశావా నాయనా..."

చెవి పక్కనే గుసగుస. మామయ్య చేతిలో స్క్రూడ్రైవరు జారి బొటనవేలి మీద పడింది.

వెనక, టీ గ్లాసు పట్టుకుని, ఆ పోయినాయన భార్య.

"గట్టిగా మాట్లాడకు. బావగారు కింద చెవులు రిక్కించుకుని ఉంటారు," అందావిడ. "తాగు. ఒణికిపోతున్నావు."

"మీరేనా అండీ..."

"ముప్పై ఏళ్ళు ఆయన పక్కన టార్చి పట్టుకున్నాను. 'ఈ వైరు ఊడితే చాలు, గేదెలా మూలుగుతుంది' అనేవారు. బావగారు గది కొలుస్తానన్న రోజు పొద్దున్నే కత్తిరించాను. బ్యాటరీలు నేనే మారుస్తున్నా. బావగారు చెడ్డవారు కాదు. కానీ ఈ గదిలోకి ఆ ట్రంకు పెట్టెలు వస్తే, ఆయన ఇంకోసారి పోయినట్టే నాకు."

మామయ్య ఒక గుక్క తాగాడు. "మరి సరిగ్గా ఆరున్నరకే ఎందుకండీ మొదలవుతుంది?"

ఆవిడ మొహం మారింది. "అది మాత్రం నేను చేసింది కాదు. అది... ఆయనే అనుకుంటున్నా."

మామయ్య కిటికీలోంచి కిందికి చూశాడు. గిటార్ వేలాడే గోడకి అవతలివైపు, కళ్ళద్దాల దుకాణం వాళ్ళ నీలం లైట్ల బోర్డు ధగధగమంటోంది. ఆరున్నరకి వేస్తారు. తొమ్మిదింటికి కట్టేస్తారు. ఆ రొద దానిదే.

కిటికీ రెక్క దగ్గరికి వేశాడు. మిగిలిన టీ తాగేశాడు.

కింద పెద్దాయన మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు. "ఏం తేలింది?"

మా మామయ్యకి అబద్ధం చెప్పడం రాదు. నిజం చెప్పడానికి మనసొప్పలేదు. మధ్యలో ఏది దొరికితే అది చెప్పాడు. "తీగల మీద చెయ్యి వేస్తే ఊరుకుంటోందండీ. తీసేస్తే మూలుగుతోంది."

పెద్దాయన రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కాడు. గదిలోకి వెళ్ళి, కట్టున్న చెయ్యి తీగల మీద పెట్టాడు.

మూలుగు ఆగింది.

"ఒరే..." అన్నాడు మెల్లగా. మామయ్య వైపు తిరక్కుండానే చెప్పాడు. "సాయంత్రాలు వీడు వాయిస్తుంటే కింద నించి కర్రతో కప్పు పొడిచేవాణ్ణయ్యా. ఆపమని. పదేళ్ళు పొడిచాను. ఒక్కసారైనా పైకొచ్చి కూర్చుని వినలేదు."

ఆ రాత్రి తొమ్మిదింటి దాకా ఆయన చెయ్యి తియ్యలేదు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ. పది రోజులయ్యాక ఆవిడే మామయ్య షాపుకొచ్చింది.

"నాయనా, ఆ వైరు అతికించెయ్యి."

"ఏమైందండీ?"

"రోజూ ఆరున్నరకల్లా వచ్చేస్తున్నారు. రెండు టీలు. నా సీరియల్ పది రోజుల కథ ఎటు పోయిందో తెలీదు. అదీ కాదు. ఆ తీగలు పట్టుకుని ఏడుస్తున్నారు. డెబ్బై రెండేళ్ళ మనిషి. నేను తోలెయ్యాలనుకున్నాను గానీ, ఏడిపించాలనుకోలేదు."

"అతికిస్తే దెయ్యం పోతుందండీ," అన్నాడు మామయ్య. "దాంతోపాటు గదీ పోవచ్చు."

"పోతే పోనీ," అంది ఆవిడ. కానీ చీర కొంగు వేలికి చుట్టుకుంటూనే ఉంది.

ఆ మధ్యాహ్నం మామయ్య వెళ్ళి టంకం వేశాడు. రెండు నిమిషాల పని. గిటార్ గోడకి తగిలించి, ఏమవుతుందో చూసిపోదామని ఉండిపోయాడు.

ఆరున్నరకి కిటికీ సందులోంచి నీలం వెలుగు పడింది. పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. గుమ్మంలో ఆగాడు. చెవి ఒగ్గి విన్నాడు.

ఏమీ లేదు.

ఆవిడ టీ గ్లాసులు కింద పెట్టేసింది. మామయ్య గోడ చూస్తూ నిలబడ్డాడు. పెద్దాయన అడుగులో అడుగు వేసుకుంటూ గిటార్ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచాడు... తీగలకి అంగుళం దూరంలో ఆపేశాడు. వెనక్కి తీసుకున్నాడు.

"వైరు..." అని మామయ్య ఏదో చెప్పబోయాడు.

"ష్." పెద్దాయన పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. చప్పుడు కాకుండా కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. మరదలి వైపు తిరిగి గుసగుసగా అన్నాడు —

"పడుకున్నాడమ్మా. ఈ గదిలోకి ఇంకెవర్నీ రానివ్వకు. లేస్తాడు."