పగ్గం కొసన గుడ్డపీలిక

"మంచి గుర్రాన్ని ఎత్తుకుపోయి, దాని స్థానంలో ముసలి గుర్రాన్ని కట్టేసి పోయే దొంగను ఎక్కడైనా చూశారా మేడమ్?"

తలుపు తోసుకుని వచ్చిన బోగ్నా కూర్చోకుండానే అడిగిన మొదటి మాట అది. బూట్లనిండా బురద, జుట్టులో గడ్డిపరకలు. స్కరిషెవ్ సంతలో కబేళాకు పోయే గుర్రాలను కొని తెచ్చి, వాటి ఆయుష్షు తీరేదాకా మేపే మనిషి ఆమె. ఊళ్ళో అందరూ పిచ్చిదంటారు. ఆ మాట ఆమెకూ తెలుసు.

రాదోమ్ రైలు స్టేషన్‌కు ఎదుటి మేడ మీద డిటెక్టివ్ ఒతీలియా గ్రాబ్ ఆఫీసు. ఆవిడ అసిస్టెంటు గుస్తావ్ వేడి టీ గ్లాసు చేతిలో పెట్టాకగానీ బోగ్నా కుర్చీలో కూలబడలేదు.

"మొదట్నుంచీ చెప్పండి" అంది ఒతీలియా.

"పోయిన సోమవారం సంతలో గ్రోమ్‌ను కొన్నాను. కుర్ర గుర్రం, తన్నుతుందని ఎవరూ అడగలేదు. గుర్రాల వ్యాపారి లుట్సియాన్ దాన్ని ఇటలీ కబేళాకు పోయే లారీ ఎక్కించబోతుంటే పోట్లాడి బేరం చేశాను. కోటు అంచుతో పట్టుకుని మర్యాదగానే పగ్గం అందించాడు, దొంగమొహంగాడు! తీరా ఇంటికి తెద్దామని లారీ ఎక్కించబోతే అది ఎక్కదే. నలుగురు లాగినా కదల్లేదు. చివరికి డ్రైవర్ బజిలి తన కోటు విప్పి దాని ముఖం మీద కప్పి, చెవిలో ఏదో గొణిగితే పిల్లిలా ఎక్కింది."

"నిన్న?"

"ఆదివారం కదా, మధ్యాహ్నం ప్రార్థనకి ఊరంతా చర్చిలోనే ఉంది. తిరిగొచ్చేసరికి గ్రోమ్ లేదు. కొట్టంలో వాడి చోట ఒక కన్ను పోయిన ముసలి ఆడగుర్రం! రేపు పొద్దున ఇటలీ లారీ బయల్దేరుతుంది. గ్రోమ్ అందులో ఉంటే... నిన్ను బతికిస్తానని ఆ గుర్రానికి మాటిచ్చాను మేడమ్."

"మీ దగ్గర ఇంకో గుర్రానికి చోటు లేదా?"

"ఎక్కడిది? గడ్డే చాలడం లేదు. దేవదూత దిగొచ్చి అడిగినా ఇంకో గుర్రాన్ని తీసుకోనని సంతలో అందరి ముందూ చెప్పేశాను."

"అందరూ అంటే?"

"లుట్సియాన్, బజిలి, నా దగ్గర పనిచేసే స్తేఫ్కా."

ఒతీలియా లేచి టోపీ పెట్టుకుంది.

బోగ్నా కొట్టంలో ఆ ముసలి గుర్రం నిశ్శబ్దంగా నిలబడి ఉంది. జూలు నున్నగా దువ్వి ఉంది. గిట్టలు కడిగి నూనె రాశారు. చూపున్న కన్ను వాకిలివైపు వచ్చేలా కట్టారు. గుస్తావ్ బయటి బురదంతా వంగి వంగి చూసొచ్చాడు.

"పెనుగులాడిన గుర్తులే లేవు మేడమ్. నలుగురికి లొంగని గుర్రం బుద్ధిగా నడిచి పోయింది."

ఒతీలియా పగ్గం చూస్తోంది. ఇనుప కడియానికి కట్టగా వేలాడుతున్న కొసకు బూడిదరంగు ఉన్ని గుడ్డ పీలిక గట్టిగా చుట్టి ఉంది. ఒక పక్క కుట్టిన అంచు, రెండో పక్క కత్తితో కోసిన గాటు.

"చెయ్యి ఒరుసుకోకుండా చుట్టుంటారు" అన్నాడు గుస్తావ్.

"అలాగైతే చేత్తో పట్టుకునే చోట చుట్టాలి. ఇది కొసన ఎందుకుంది?"

గుస్తావ్ ఆ కొసను వేళ్ళతో తిప్పి చూశాడు.

స్తేఫ్కా కుంటుతూ వచ్చింది. "నేనా వాణ్ణి తోలుకుపోయేది? ఆ రాక్షసుడు వచ్చిన రోజే నా మోకాలు పగలగొట్టాడు. మేత కూడా దూరం నుంచే విసురుతున్నాను. పోయాడంటే బతికానురా దేవుడా అనుకున్నా. మీ దగ్గర దాచడం దేనికి!"

లుట్సియాన్ తన దొడ్లో తోలుకోటు గుండీలు తెగిపోయేంతగా నవ్వాడు. "అమ్మేసిన గుర్రాన్ని మళ్ళీ దొంగిలించడానికి నాకేం పనిలేదనుకున్నారా? కావాలంటే దొడ్డంతా వెతుక్కోండి. ఆ ముసలిదానికి కూడా తూకానికి డబ్బిస్తాను, అమ్ముతుందేమో అడగండి ఆ పిచ్చిదాన్ని."

దొడ్డంతా వెతికారు. గ్రోమ్ లేదు.

గేటు బయట బజిలి తన లారీ పక్కన నిలబడి చేతుల్లోకి ఊదుకుంటున్నాడు. అంత చలిలోనూ ఒంటిమీద పల్చటి నీలం నైలాను జాకెట్టు తప్ప ఏమీ లేదు.

"ఇటలీకి చాలా ఏళ్ళుగా తోలుతున్నారా బజిలి గారూ?"

"లెక్క పెట్టుకోలేదమ్మా. పోయేటప్పుడు వెనక గిట్టల చప్పుడు ఉంటుంది. వచ్చేటప్పుడు ఏ చప్పుడూ ఉండదు. రేడియో పెట్టుకుంటాను."

"ఇంట్లో ఎవరుంటారు?"

"మా ఆవిడ పోయింది. ఇంకెవరున్నారు? నెలాఖరుకి ఆ ఇల్లూ ఉండదు. స్థలం గలవాళ్ళు అమ్మేసుకున్నారు, కొట్టంతో సహా ఖాళీ చెయ్యమన్నారు."

ఒతీలియా తలూపింది. "సాయంత్రం బోగ్నా గారింటికి రండి. వచ్చేటప్పుడు మీ కోటు వేసుకుని రండి, జలుబు చేస్తుంది" అంది మెత్తగా.

అతని ముఖం పాలిపోయింది.

సాయంత్రం లుట్సియాన్‌తో సహా అందరూ బోగ్నా కొట్టంలో చేరారు. బజిలి అదే నైలాను జాకెట్టుతో వచ్చాడు.

"దొంగ లుట్సియానే అని గుస్తావ్ పొద్దుటినుంచీ నా చెవి కొరుకుతున్నాడు" అని మొదలుపెట్టింది ఒతీలియా. "కానీ మాంసం తూకం తెలిసినవాడు గుర్రాన్ని ఊరికే వదిలిపోడు. స్తేఫ్కా గ్రోమ్ దగ్గరికే పోలేదు. ఈ ముసలిదాన్ని దువ్వి, చూపున్న కన్ను వాకిలివైపు పెట్టి కట్టినవాడికి ఇదంటే ప్రాణం. దీన్ని బతికించాలి. ఇక్కడ చోటు ఒక్కటే ఉంది. అందులో ఉన్నదాన్ని తీసేస్తేగానీ దీనికి చోటు లేదు."

"అయితే ఈ గుడ్డపీలిక?" గుస్తావ్ ఆగలేకపోయాడు.

"మన సంతలో గుర్రం పగ్గాన్ని ఒట్టి చేత్తో ఇస్తామా? అమ్మేవాడు కోటు అంచు కప్పి అందిస్తాడు, కొనేవాడు కోటు అంచుతో అందుకుంటాడు. ఒట్టి చేత్తో ఇచ్చిన గుర్రం కొత్తింట్లో బతికి బట్టకట్టదని అందరి భయం. నిన్న ఆ దొంగ గుర్రాన్ని తెచ్చాడు, అందుకోవడానికి మనిషి లేడు. కోటు అంచే కోసి పగ్గానికి చుట్టిపోయాడు. గ్రోమ్‌ను లొంగదీసిందీ ఆ కోటే. ఇంత చలిలో అది వేసుకోలేనివాడు ఒక్కడే ఉన్నాడు. లారీ డ్రైవర్‌కి ఇంటిదగ్గర కొట్టం దేనికి బజిలి గారూ?"

బజిలి టోపీ తీసేశాడు.

"దాని పేరు మల్వా అమ్మా. మా ఆవిడ పెంచింది. ఎన్ని గుర్రాలనో ఆ దారిలో తోలుకుపోయాను. దీన్ని మాత్రం నా చేతుల్తో..."

బోగ్నా ఒంటికాలి మీద లేచింది. "నీ గుర్రానిది ప్రాణం, నా గ్రోమ్‌ది గడ్డిపోచా? ఎక్కడున్నాడు వాడు? చెప్పు!"

"మా కొట్టంలోనే ఉన్నాడు. ఇవాళ తెల్లారి లుట్సియాన్ దొడ్డికి తోలుదామని లారీ ఎక్కే బల్ల దించాను. ఈసారి కోటు కప్పలేదు. వాడే నా వెనకాల నడిచొచ్చి ఎక్కి నిలబడ్డాడు, నన్ను నమ్మి. నా వల్ల కాలేదమ్మా. వాణ్ణి మళ్ళీ దించేశాను."

బోగ్నా ముక్కు తుడుచుకుంది.

"స్తేఫ్కా, ఆ అడ్డచెక్కలు ఊడదియ్యి. ఇద్దరూ ఒకేచోట సర్దుకుంటారు."

"మరి గడ్డి?"

"లుట్సియాన్ ఇస్తాడు."

"నేనా!" అన్నాడు లుట్సియాన్. ఎవరూ అతనివైపు చూడలేదు. కాసేపటికి, "ఒక బండెడే" అని గొణిగాడు.

బజిలి వెళ్ళి గ్రోమ్‌ను తీసుకొచ్చాడు. ఈసారి ఒంటిమీద బూడిదరంగు కోటు ఉంది, ఒక మూల కోసేసి. గ్రోమ్‌ను కట్టాక మల్వా పగ్గం విప్పి, కోటులో మిగిలిన అంచు చేతిమీద కప్పుకుని అందించాడు. బోగ్నా తన కోటు అంచుతో అందుకుంది. అంతటితో గుర్రం ఆమెది.

"చూడాలనిపిస్తే వస్తుండు" అంది బోగ్నా, కోపం ఇంకా పోని గొంతుతో.

"వద్దమ్మా. వచ్చి పోయినప్పుడల్లా నన్ను వెతుక్కుంటుంది."

అతను మల్వా మెడ నిమిరాడు. ఎదుటి వాకిలి తెరిచే ఉన్నా అటు పోకుండా, గుర్రం వెనకనుంచి చుట్టూ తిరిగి, పేడదిబ్బ పక్కనున్న చిన్న తలుపులోంచి బురదలో పడి వెళ్ళిపోయాడు.

"మతి పోయిందా ఈయనకి? ఇంత వాకిలి ఉండగా అటు పోతాడేం?" అన్నాడు గుస్తావ్.

"అటువైపు దానికి చూపు లేదు గుస్తావ్" అంది ఒతీలియా.

బయట లారీ కదిలిన చప్పుడు వినిపించి, దూరమైంది. మల్వా మాత్రం వాకిలివైపే చూస్తూ నిలబడి ఉంది.