సిల్వీ ఓయాలా పేరున సంతకం

హార్డ్‌వేర్ దుకాణం పైనున్న ఆ రెండు గదుల ఆఫీసుకు సోమవారం ఉదయం వచ్చిన అమ్మాయి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. కోటు మీది మంచు కరిగి చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతోంది. చేతిలో ఒక ఉత్తరం ఉంది. ఎన్నిసార్లు మడిచి విప్పిందో, మడతల దగ్గర కాగితం మెత్తబడిపోయింది.

"హిల్మా రౌటియో గారంటే మీరేనా?"

"నేనే. ముందు కూర్చోమ్మా. ఎంత భయమున్నా కూర్చుని చెప్పుకుంటే కాస్త తేలిగ్గా ఉంటుంది."

హిల్మాకు యాభై ఎనిమిదేళ్లు. తగలబడిపోయిన గిడ్డంగులు వాటంతటవే తగలబడ్డాయా, ఎవరైనా తగలబెట్టారా అని ఇన్సూరెన్స్ కంపెనీల కోసం ఇరవై రెండేళ్లు ఆరా తీసింది. ఎనిమిదేళ్ల క్రితం సొంత ఊరు ఆల్డర్ బే తిరిగొచ్చి ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు పెట్టింది. ఆమె సహాయకుడు లెనార్డ్ బెసోనెన్ ఇరవై ఏడేళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైనవాడు. సుపీరియర్ సరస్సుకు ఈ ఒడ్డున హిల్మాను మించిన బుర్ర లేదని అతని గట్టి నమ్మకం.

"నువ్వు వెర్నర్ ఓయాలా మనవరాలివి కదూ? మారిట్! మూడో వరస, కిటికీ పక్క సీటు," అన్నాడు లెనార్డ్ ఉత్సాహంగా.

అమ్మాయి ముఖంలో మొదటిసారి రక్తం కదిలింది. "అవును లెనార్డ్ అంకుల్." కూర్చుంది. "మేడమ్, మా అమ్మ సంతకం చేసింది."

"మంచిదేగా?"

"మా అమ్మ వెళ్లిపోయి ఆరేళ్లయింది. బతికుందో లేదో కూడా మాకు తెలీదు."

ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. మారిట్‌కు అడవుల సర్వే కోర్సు చదవాలని ఉంది. కాలేజీలో సీటు వచ్చింది. ఫెడరల్ ప్రభుత్వం విద్యార్థులకిచ్చే సాయం లేకుండా చేరడం కుదరదు. ఆ దరఖాస్తులో తనకో భాగం, తల్లికో తండ్రికో ఇంకో భాగం ఉంటాయి. తండ్రి ఎవరో ఆమె ఎరగదు. తన పన్నెండో ఏట తల్లి మత్తుమందులకు అలవాటుపడి ఇల్లు వదిలేస్తే తాతయ్యే పెంచాడు. కానీ తాతయ్య దగ్గర సంరక్షకుడని కోర్టు ఇచ్చిన కాగితం లేదు. అందుకని ప్రభుత్వం లెక్కలో ఆయన సంతకం చెల్లదు.

"స్కూల్లో కౌన్సిలర్ ట్రెంబ్లే గారు ఇంకో దారుందన్నారు. కన్నవాళ్లు ఎక్కడున్నారో తెలీని పిల్లల సంగతి కాలేజీవాళ్లు విడిగా చూస్తారట. తెలిసినవాళ్లు ఉత్తరాలు రాసివ్వాలి. అంతకు ముందు ఒక్కసారి అమ్మ పాత ఈమెయిల్‌కి, తన భాగం నింపమని పిలుపు పంపిచూద్దామన్నారు. వెతికామని రుజువుగా ఉంటుందని. పంపాం. ఆ సాయంత్రమే తిరిగొచ్చేసింది, అలాంటి చిరునామా లేదంటూ."

"ఆ తర్వాత?"

"పది రోజులకి దరఖాస్తు తెరిస్తే, తల్లి భాగం పూర్తయింది, సంతకం అయిందని ఉంది. శనివారం ఇదిగో, కాలేజీ నుంచి ఇది."

హిల్మా చదివింది. విద్యార్థి తల్లి సిల్వీ ఓయాలా విస్కాన్సిన్ రాష్ట్రంలో నివసిస్తున్నట్టు రుజువు పంపాలి. గడువు రెండు వారాలు. తప్పుడు వివరాలకు, దొంగ సంతకానికి జరిమానా, జైలు శిక్ష ఉంటాయి.

"మా ఇంట్లోవాళ్లే నాకోసం చేసుంటారని భయం," అంది మారిట్. "డార్లా పెద్దమ్మ అననే అంది, 'ఓ సంతకమేగా, నేనే గీకేస్తే పోలా' అని. తాతయ్యకి డెబ్భై నాలుగు. జైల్లో వేస్తారా మేడమ్? అలా అయితే నాకీ చదువే వద్దు."

"చదువు వద్దనడం తేలికే. తర్వాత చూద్దాం. ఆ పిలుపుతో పాటు, తల్లి భాగం తెరవడానికి ఒక కోడ్ ఇస్తారు కదా? అది ఎవరి దగ్గరుంది?"

"ట్రెంబ్లే గారు ప్రింటు తీసిచ్చారు. ఇంట్లో ఫ్రిజ్‌కి అంటించాను."

* * *

వెర్నర్ ఓయాలా ఇల్లు ఊరికి ఉత్తరాన, సరస్సుకు దగ్గర్లో ఉంది. ముసలాయన గనిలో పనిచేసిన మనిషి. మాట తక్కువ. కాఫీ పోశాడు, యాలకుల రొట్టె కోసి పెట్టాడు, ఒక గిన్నెలో చీజ్ ముక్కలు ముందుకు జరిపాడు. అప్పటికే అక్కడున్న డార్లా ఆ లోటంతా భర్తీ చేసింది.

"అన్నాను, అన్నాననే చెప్తున్నా. నోటికొచ్చింది అన్నా. అంటే చేసినట్టేనా? సహకార బ్యాంకులో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నా. దొంగ సంతకం పెడితే ఏమవుతుందో నాకు మీరు చెప్పాలా?"

"మీ చెల్లెలు ఎక్కడుండొచ్చు?"

"మోంటానా. నాలుగేళ్ల కింద అక్కడి నుంచి ఓ కార్డు ముక్క పడేసింది, అంతే. బుద్ధున్నదైతే పిల్లనొదిలి పోతుందా?"

"ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దని చెప్పానా లేదా?" అన్నాడు వెర్నర్. కోపంగా కాదు, అలసటగా.

లెనార్డ్ చీజ్ ముక్క ఒకటి నోట్లో వేసుకున్నాడు. పళ్ల కింద కీచుమంది. "అబ్బ! ఇంత తాజాది తిని ఎన్నాళ్లయిందో. ఎవరు తెచ్చారు?"

"తాతయ్యే," అంది మారిట్. "ఆదివారం చర్చి అయ్యాక వైనో తాత దగ్గరికి పేకాటకెళ్తాడు. వచ్చేటప్పుడు తెస్తాడు."

"వైనో అంటే లైట్‌హౌస్ దగ్గరుండే వైనోయేనా?" హిల్మా మామూలుగా అడిగింది.

"ఆయనే," అన్నాడు వెర్నర్, కాఫీ గ్లాసులోకి చూస్తూ.

హిల్మా ఫ్రిజ్ దగ్గర నిలబడి కోడ్ కాగితం చూసింది. నాలుగు మూలలూ తిన్నగా ఉన్నాయి, ఎవరూ పీకి తీసినట్టు లేదు. ఒక అంకె కింద మాత్రం పెన్సిలుతో సన్నని గీత ఉంది. ఏడా, ఒకటా అని ఎవరో చూసుకున్నట్టు.

స్కూల్లో ట్రెంబ్లే మనిషి ఎంత పొడవో అంత కంగారు. బల్ల మీద మారిట్ గురించి రాసిన ఉత్తరం మూడు చిత్తు ప్రతులున్నాయి.

"కోడ్ మీరూ చూశారు కదా?" అంది హిల్మా.

"చూశాను. కానీ కోడ్ ఒక్కటుంటే చాలదండీ. తల్లి తన పేరుతో ఖాతా తెరవాలి. దానికి ఆమె సోషల్ సెక్యూరిటీ నంబరు, పుట్టిన తేదీ కావాలి. ప్రభుత్వం సరిపోల్చుకోడానికే మూడు రోజులు పడుతుంది. అవేవీ నా దగ్గర లేవు." ఆగి, మెల్లగా అన్నాడు: "ఉంటే పెట్టేవాణ్ణేమో అని రాత్రి నాకే అనుమానం వచ్చింది. ఆ పిల్ల అంత బాగా చదువుతుంది."

తిరిగొస్తూ ట్రక్కులో లెనార్డ్ తల గోక్కున్నాడు. "నాకైతే డార్లానే అనిపిస్తోంది. చెల్లెలి నంబరు ఇంటి కాగితాల్లో ఉంటుంది. కంప్యూటరు తెలుసు. నోరు జారింది కూడా."

"డార్లా రాసి ఉంటే ఏ రాష్ట్రం రాసేది?"

"మోంటానా... లేదా మన మిషిగన్."

"మరి విస్కాన్సిన్ ఎక్కణ్ణుంచొచ్చింది? ఇంకోటి. ఇవాళ సోమవారం. నీ పళ్ల కింద చీజ్ ఎందుకు కీచుమంది?"

"తాజాది కాబట్టి. రెండు రోజులు దాటితే ఆ చప్పుడుండదు."

"లైట్‌హౌస్ దగ్గర చీజ్ చేసేవాళ్లెవరు?"

లెనార్డ్ బ్రేకు మీద కాలేశాడు. "ఎవరూ లేరే!"

"ముందు చూసి నడుపు," అంది హిల్మా నవ్వుతూ.

శుక్రవారం ఆమె ఒంటరిగా కారులో దక్షిణానికి వెళ్లింది. సాయంత్రానికి తిరిగొచ్చింది. ఎక్కడికని లెనార్డ్ అడగలేదు. ఆదివారం చర్చి అయ్యాక అందరినీ వెర్నర్ ఇంటికి రమ్మని చెప్పమంది, అంతే. తను మాత్రం ఆ రోజు కాస్త ఆలస్యంగా, వేరే కారులో వచ్చింది.

* * *

వంటింటి బల్ల చుట్టూ వెర్నర్, డార్లా, ట్రెంబ్లే, మారిట్ కూర్చున్నారు. లెనార్డ్ తలుపు పక్కన నిలబడ్డాడు. ఎదురుగా కిటికీలోంచి సరస్సు బూడిదరంగులో కనిపిస్తోంది.

"మొదట అందరూ ఊపిరి పీల్చుకోండి," అంది హిల్మా. "ఇక్కడ దొంగ సంతకం లేదు. సిల్వీ ఓయాలా సంతకం సిల్వీ ఓయాలాయే చేసింది."

డార్లా కుర్చీ కిర్రుమంది. మారిట్ మాత్రం కదల్లేదు.

"పాత ఈమెయిల్‌కి పంపిన పిలుపు తిరిగొచ్చేసింది. కాబట్టి ఆమెకు అటు నుంచి తెలిసే అవకాశం లేదు. మిగిలింది కోడ్. అది రెండు చోట్లే ఉంది. ట్రెంబ్లే గారి ఆఫీసులో, ఈ ఫ్రిజ్ మీద. ట్రెంబ్లే గారికి ఆమె నంబరూ తెలీదు, ఊరూ తెలీదు. డార్లాకు తెలిసింది మోంటానా. కానీ దరఖాస్తులో విస్కాన్సిన్ అని ఉంది. దొంగ సంతకం పెట్టేవాళ్లు పనిగట్టుకుని కొత్త రాష్ట్రం కనిపెట్టి అనుమానం తెచ్చుకోరు. అక్కడ ఉంటున్నవాళ్లే అలా రాస్తారు. అంటే ఈ ఇంట్లోంచి ఎవరో ఫోనులో ఆమెకు కోడ్ చదివి వినిపించారు. ఏడో ఒకటో తేల్చుకోడానికి పెన్సిలుతో గీత కూడా పెట్టుకున్నారు." ఆమె వెర్నర్ వైపు తిరిగింది. "వైనో సెప్టెంబరులోనే ఫ్లోరిడాలో కూతురి దగ్గరికెళ్లాడు. చర్చిలో అడిగితే చెప్పారు. మీరు ఆదివారాలు వెళ్లేది లైట్‌హౌస్ దగ్గరికి కాదు. సరిహద్దు దాటి విస్కాన్సిన్‌లో అడుగుపెట్టగానే ఒక చిన్న చీజ్ ఫ్యాక్టరీ ఉంది. సిల్వీ పనిచేసేది అక్కడే. అక్కడ పనిచేసేవాళ్లకి వారాంతంలో ఒక సంచీడు చీజ్ ఇచ్చి పంపిస్తారు."

ముసలాయన రెండు చేతులూ బల్ల మీద పరిచాడు.

"ఏడాది దాటింది అది ఫోను చేసి," అన్నాడు. "అప్పటికి మత్తుమందులు మానేసి రెండు నెలలు. 'నాన్నా, పిల్లకి చెప్పకు. ఏడాది నిలబడగలిగితే అప్పుడు చెప్పు' అంది. ఏడాది అయ్యింది. అప్పుడు ధైర్యం చాల్లేదు. దానికీ, నాకూ. మళ్లీ పడిపోతే? పిల్ల ఒకసారి ఏడ్చింది చాలు. రెండోసారి చూడలేను."

"నాకు చెప్పొచ్చుగా!" అని అరిచింది డార్లా. "ఆరేళ్లు నాన్నా! బ్యాంకుకి ఎవరు దానిలా జుట్టు వేసుకొచ్చినా అదేనేమోనని తలెత్తి చూశానే!"

"మరి సంతకం?" అన్నాడు ట్రెంబ్లే మెల్లగా.

"ఈ పిల్ల ఆ కాగితం ఫ్రిజ్‌కి అంటించి రోజూ దాని ముందు నిలబడి చూసేది," అన్నాడు వెర్నర్. "ఒకరోజు దాని మొహం చూడలేక ఫోను తీశాను. మీ అమ్మ వారం రోజులు కూర్చుని నింపింది, మారిట్. నన్ను క్షమించమ్మా. ఇంతకాలం నీ ముందు అబద్ధం ఆడాను."

మారిట్ లేచి ఆయన వెనక్కి వెళ్లింది. వంగి, రెండు చేతులూ ఆ ముసలి భుజాల చుట్టూ వేసి, తన చెంపను ఆయన తల మీద ఆనించింది. "నేను నిన్ను జైల్లో వేస్తారేమోనని వారం నుంచి అన్నం తినట్లేదు తాతయ్యా. నువ్వు నాకోసం వంద మైళ్లు నడుపుకుంటూ వెళ్లావా, ఈ మంచులో, ఆ కళ్లతో?"

"కళ్లు బానే ఉన్నాయి," అన్నాడాయన. కానీ అప్పుడవి బాగా లేవు.

హిల్మా మారిట్ వైపు తిరిగింది. "కాలేజీ అడిగింది నివాసానికి రుజువు. ఫ్యాక్టరీ జీతం కాగితం, ఇంటి అద్దె ఒప్పందం సరిపోతాయి. రెండూ తెచ్చిన మనిషి బయట నా కారులో కూర్చునుంది. రమ్మంటేనే వస్తానంది. వద్దంటే కాగితాలిచ్చి వెళ్లిపోతానంది. అది నీ ఇష్టం మారిట్. ఇక్కడ ఎవరూ నిన్ను తొందరపెట్టరు."

మారిట్ కోటు వేసుకోకుండానే బయటికి నడిచింది.

తిరిగొచ్చేసరికి వెనక ఒక సన్నటి ఆడమనిషి ఉంది. కవరు రెండు చేతులతో గుండెకు హత్తుకుని, గడప దగ్గరే ఆగిపోయింది. డార్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. వెర్నర్ లేచి తన కుర్చీ ఖాళీ చేశాడు.

సిల్వీ కూర్చోలేదు. కూతురితోనే మాట్లాడింది, నేల చూస్తూ. "అన్నీ నిజమే రాశాను. నీకే ఇబ్బందీ రాకూడదని ఒక్కో ప్రశ్న నాలుగుసార్లు చదువుకున్నాను. కుటుంబంలో ఎంతమంది అని అడిగారు. ఒకటి అని రాశాను. ఒక్కదాన్నేగా ఉండేది. కింద చిన్న అక్షరాల్లో ఉంది, చదివే బిడ్డ వేరేచోట ఉన్నా సరే, కలిపి లెక్కెయ్యాలని. అది చదివి పని మానేసి కూర్చున్నా ఆ రోజు. ఒకటి కొట్టేసి రెండు అని రాశాను. ఆరేళ్లలో నన్ను అలా రాయమన్నవాళ్లెవరూ లేరు మారిట్. ఆ ప్రశ్న రాసినవాళ్లకెంత రుణపడ్డానో వాళ్లకి తెలీదు."

లెనార్డ్ కిటికీ వైపు తిరిగిపోయాడు. ట్రెంబ్లే తన చిత్తు ఉత్తరాలను బ్యాగులోకి తోసేయబోతుంటే, మారిట్ చెయ్యి చాపి అందుకుంది. "అవి నాకిచ్చేయండి సార్. నాకోసం ఎవరేం రాశారో దాచుకుంటాను." హిల్మా వైపు చూసి తల ఊపింది. హిల్మాకు అది చాలు.

తర్వాత మారిట్, తల్లి చేతిలోంచి కవరు తీసుకుని బల్ల మీద పెట్టింది.

"ఈ దరఖాస్తు ఒక్కసారితో అయిపోదు, తెలుసా?" అంది. "చదువు అయ్యేదాకా ప్రతి ఏడూ మళ్లీ నింపాలి."

"నింపుతాను," అంది సిల్వీ.